ఆ ఆదా షాపులో పుట్టింది కాదు

మొన్న ఆదివారం మా మరిది నాలుగు బస్తాల బియ్యం, పదిహేను లీటర్ల నూనె డబ్బా ఒకటి బండిలోంచి దింపించి, చెమట తుడుచుకుంటూ "వదినా, ఈసారి ఎంత మిగిల్చానో తెలుసా?" అన్నాడు. అభిమానంతోనే అన్నాడు. ఇంటికోసం ఎండలో పడి తెచ్చాడు, ఆ సంగతి నాకూ తెలుసు. కానీ ఆ మాట విన్న ప్రతిసారీ నాకు మనసు చివుక్కుమంటుంది. అప్పుడే ఏం మిగిలినట్టు? ఆ బస్తాల్లో ఆఖరి గింజ కూడా పురుగు పట్టకుండా, ముక్కిపోకుండా అందరి కంచాల్లోకి చేరిన రోజున మిగిలినట్టు లెక్క. ఇవాళ్టికి జరిగిందల్లా చేతిలో ఉన్న డబ్బు బియ్యమై మూల గదిలో కూర్చోవడమే.

చాలాకాలంగా లోపల దాచుకున్న మాట ఇది. పెద్ద కుటుంబాలున్నవాళ్ళు, ముఖ్యంగా సరుకులు కొనేవాళ్ళు ఒకరూ సర్దేవాళ్ళు ఒకరూ అయిన ఇళ్ళవాళ్ళు, ఓపిగ్గా చదవండి.

మేం పదిమందిమి. అత్తయ్య, మామయ్య, మేమిద్దరం, మరిది, తోటికోడలు, పిల్లలు నలుగురు. మనిషికి రోజుకు 150 గ్రాముల బియ్యం వేసుకున్నా రోజుకు కిలోన్నర, నెలకు 45 కిలోలు. అంటే 25 కిలోల బస్తా మాకు పదహారు రోజులొస్తుంది. ఇంతమందిమి ఉన్నప్పుడు టోకున కొనక తప్పదు. చిన్న ప్యాకెట్లు కొంటూ కూర్చుంటే రోజు విడిచి రోజు షాపుకి పరిగెత్తాలి, పైగా చాలా సరుకులకు కిలోకి ఎక్కువే పడుతుంది. కాబట్టి పెద్దమొత్తంలో కొనడం తప్పని నేను ఎప్పుడూ అనను. మా బతుకే అది.

ఆ బతుకును బయటివాళ్ళు చూసే చూపు మాత్రం నన్ను బాధపెట్టింది. 2020లో కరోనా మొదలైన రోజుల్లో చాలాచోట్ల షాపులవాళ్ళు మనిషికి ఇన్ని ప్యాకెట్లే అని పరిమితి పెట్టారు. ఎందుకు పెట్టారో అర్థమైంది, అవసరమే. కానీ ఆ పరిమితి ఒంటరిగా ఉండేవాళ్ళకీ రెండు ప్యాకెట్లే, పదిమంది ఉన్న ఇంటికీ రెండే. ఒకరికి పదిరోజులొచ్చేది మాకు ఒక్క రోజుకు సరి. నిండిన బుట్టతో వరసలో నిలబడితే వెనకనుంచి "ఇలాంటివాళ్ళ వల్లే దొరకట్లేదు" అని ఒకావిడ అనడం నా చెవిన పడింది. వెనక్కి తిరిగి ఏమీ అనలేకపోయాను. ఇప్పుడంటున్నాను. బుట్ట ఎంతుందో చూసి మనిషిని తూచకండి. ఆ బుట్ట ఎన్ని కంచాలకో అడగండి. పదిమందికి నెలకు సరిపడా తీసుకెళ్ళేవాళ్ళు దాచుకుంటున్నట్టు కాదు. ఇద్దరే ఉండి ఏడాదికి సరిపడా ఎత్తుకెళ్తే అది దాచుకోవడం.

సరే, అసలు విషయానికొస్తాను. పెద్ద ప్యాకెట్టంటే చవకే అన్న నమ్మకం మా ఇంట్లో ఎంత లోతుగా ఉందో చెప్పలేను. మొత్తం ధరను తూకంతో భాగించి చూస్తేనే నిజం తేలుతుంది. ఒక్కోసారి నడిమి సైజే అన్నిటికన్నా చవక, ఒక్కోసారి చిన్నదే. ఈ లెక్క జనం చేసుకోలేకపోతున్నారనే ఐరోపా సమాఖ్య 1998లో ఒక ఆదేశం తెచ్చి, ప్యాకెట్ ధర పక్కనే కిలోకో లీటరుకో ఎంత పడుతుందో కూడా చూపించాలంది. ఆ అంకె కనబడే చోట ముందు దాన్నే చూడండి, కనబడకపోతే ఫోన్ తీసి భాగించండి. అర నిమిషం పని.

నూనె దగ్గర ఇంకో తిరకాసు ఉంది. ఒక ప్యాకెట్ మీద లీటరు అని ఉంటుంది, పక్కదాని మీద గ్రాములుంటాయి. లీటరు వంటనూనె కిలో తూగదు, దాదాపు 910 నుంచి 920 గ్రాములే. లీటరూ కిలో ఒకటే అనుకుని రెండు ధరల్ని పోల్చి నేనే ఏళ్ళ తరబడి తప్పు కొన్నాను. బట్టల సబ్బుపొడి సంగతీ అంతే. చిక్కటి రకానికి చెంచాడు చాలు, పలచటి రకానికి మూడు పడతాయి. అక్కడ కిలో ధర చూసి లాభం లేదు, ఒక్క ఉతుకుకు ఎంత పడుతుందో చూడాలి.

ఇంతవరకూ షాపులో పని. మా మరిది గొప్పగా చెప్పుకునే ఆదా ఇక్కడితో అయిపోతుంది. ఇంట్లో పని ఇక్కడ మొదలవుతుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు.

బియ్యంలో ముక్కు పురుగు గాల్లోంచి ఊడిపడదు. చాలాసార్లు బస్తాతోపాటే వస్తుంది. ఆడపురుగు గింజకు చిన్న రంధ్రం చేసి, లోపల గుడ్డు పెట్టి, ఆ రంధ్రాన్ని పూడ్చేస్తుంది. పైకి గింజ శుభ్రంగానే కనబడుతుంది. వెచ్చటి రోజుల్లో సుమారు నెల తిరిగేసరికి లోపల పెరిగిన పురుగు గింజను తొలుచుకుని బయటికొస్తుంది, అప్పుడు గానీ మనకు తెలియదు. అప్పటికి పక్క బస్తాలోకీ పాకి ఉంటుంది. అందుకే నేను కొత్త బస్తాను పాతదానికి ఆనించి పెట్టనివ్వను. కొత్తది రాగానే విప్పి, రెండు గుప్పెళ్ళు తెల్లగుడ్డ మీద పరిచి చూస్తాను. అనుమానముంటే కొద్దికొద్దిగా గట్టి సంచుల్లో కట్టి ఫ్రీజర్లో మైనస్ 18 డిగ్రీల దగ్గర వారం రోజులు ఉంచుతాను. గుడ్లతో సహా చస్తాయి. బయటికి తీశాక వెంటనే మూతి విప్పకూడదు. చల్లటి గింజలకు గాలి తగిలితే చెమ్మ పడుతుంది, ఆ చెమ్మకు బూజొస్తుంది. గది వేడికి వచ్చేదాకా అలాగే కట్టి ఉంచాలి. ఇప్పుడు చెప్పండి, ఇంటి ఫ్రీజర్లో ఒక్కసారికి పట్టేది ఎంత? నాలుగు బస్తాలు అలా తిప్పడానికి ఎన్ని వారాలు? "ఎంత మిగిల్చానో" అన్న లెక్కలో ఈ వారాలు ఎక్కడున్నాయి?

నూనె ఇంకా సున్నితం. గాలి, వెలుతురు, వేడి, ఈ మూడూ దానికి శత్రువులే. పెద్ద డబ్బా విప్పిన రోజునుంచి, నూనె తగ్గేకొద్దీ లోపల గాలి పెరుగుతూ ఉంటుంది. అందుకే విప్పిన రోజే చిన్న సీసాల్లోకి అంచుదాకా నింపి, మూత బిగించి, చీకటిగా చల్లగా ఉన్న అరలో పెడతాను. అడుగున మిగిలిన పాత నూనె మీద కొత్తది పోసే అలవాటు ఉంటే ఇవాళే మానండి. పాతదాని చెడు కొత్తదానికి అంటి, అదీ తొందరగా కంపు కొడుతుంది. సీసా కడిగి, పూర్తిగా ఆరాకే మళ్ళీ నింపాలి. పొట్టు తీయని ధాన్యం పిండి, దంపుడు బియ్యం కూడా ఎక్కువ కాలం ఆగవు. పైపొరలో, మొలకలో ఉన్న నూనే వాటిని చెడగొడుతుంది. పాలిష్ పట్టిన తెల్లబియ్యం పొడిగా, పురుగు చేరకుండా ఉంచితే ఏళ్ళు నిలవుంటుంది, దంపుడు బియ్యం ఆర్నెల్లకే వాసన మారుతుంది. ఆరోగ్యానికి మంచిదని దంపుడు బియ్యం బస్తాలకు బస్తాలు కొన్న ఇళ్ళను నేను చూశాను. వాసనకు తట్టుకోలేక చివరికి పారబోశారు.

పప్పుల సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. ఒక సంవత్సరం పప్పుగింజలు చవకగా వచ్చాయని ఏడాదికి సరిపడా తీసుకున్నాం. పురుగు పట్టలేదు, ఎంతో జాగ్రత్తగా దాచాను. కానీ ఎనిమిది నెలలు దాటాక ఎంతసేపు ఉడికించినా మెత్తబడేవి కావు. రాత్రంతా నానబెట్టినా అంతే. వేడిలో, చెమ్మలో ఎక్కువకాలం నిలవున్న గింజలు అలా మొండికేస్తాయి. కొనేటప్పుడు మిగిలిన డబ్బు పొయ్యిలో గ్యాస్ కింద పోయింది. పోయింది అని పద్దులో ఎవరూ రాయలేదు, ఎందుకంటే గ్యాస్ వేరే ఖర్చు కదా! పొయ్యి దగ్గర నిలబడ్డ అదనపు గంటలు అసలు ఏ ఖర్చులోనూ రావు.

ఏడాదికి సరిపడా నిశ్చింతగా తెచ్చుకోదగ్గవి లేకపోలేదు. ఉప్పు, పంచదార చెడవు, చెమ్మకు గడ్డకడతాయంతే. ఒంటి సబ్బులు కాగితం విప్పి ఆరబెడితే గట్టిపడి ఇంకా ఎక్కువ రోజులొస్తాయి. బ్లీచింగ్ ద్రావణం మాత్రం ఆ జాబితాలో చేర్చకండి. సీసా మూత విప్పకపోయినా నెలలు గడిచేకొద్దీ దాని బలం తగ్గిపోతుంది, వేడిగా ఉన్న గదిలో మరీ త్వరగా.

ఇదంతా ఎవరికి తెలిసి ఉండాలి? ఎవరు గుర్తుపెట్టుకోవాలి? ఏ డబ్బా ఎప్పుడు విప్పాం, ఏది ముందు వాడాలి, ఏది అడుగంటింది, ఏది ఇంకో వారంలో పాడవుతుంది, ఇదంతా ఒక్క తలలో ఉంటుంది. మా ఇంట్లో ఆ తల నాది, మీ ఇంట్లో అమ్మదో అక్కదో అయ్యుంటుంది. పాత ప్యాకెట్లు ముందుకూ కొత్తవి వెనక్కీ జరపడం ఒక పనేనా అని మీకు అనిపించవచ్చు. పది కిలోల డబ్బాలు ఎత్తి దింపి మళ్ళీ సర్దితే నడుం చెబుతుంది పనో కాదో. షాపునుంచి తెచ్చిన మనిషికి ఆ రోజే మెచ్చుకోలు దొరుకుతుంది. తెచ్చినదాన్ని మూడు నెలలు కాపాడిన మనిషికి, ఒక్క డబ్బాలో ఒక్క పురుగు కనబడ్డ రోజున "ఏం చూస్తున్నావు ఇంట్లో ఉండి" అన్న మాట దొరుకుతుంది. నాకది ఇప్పటికీ మింగుడుపడదు.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో ఇచ్చిన నివేదికలో 2022లో ప్రపంచవ్యాప్తంగా వృథా అయిన ఆహారం 105 కోట్ల టన్నులని ఉంది. అందులో 60 శాతం ఇళ్ళలో పోయిందే. హోటళ్ళలోనూ షాపుల్లోనూ పోయింది మిగతా వాటా. ఆ అంకె చదివాక మా మూల గది గుర్తొచ్చి చాలాసేపు కూర్చుండిపోయాను. ఇళ్ళలో అంత పోకుండా ఆపుతున్న చేతులు కూడా ఇళ్ళలోనే ఉన్నాయి, వాటిని లెక్కపెట్టినవాళ్ళు లేరు.

ఎక్కువ ఉంటే ఎక్కువ వాడతాం, అది ఇంకొకటి. నూనె సీసా నిండుగా ఉన్నప్పుడు మూకుట్లోకి ధార పెద్దగా పడుతుంది. అడుగున ఉన్నప్పుడు ఎంత చూసి పోస్తామో మనకే తెలుసు. సబ్బుపొడి సంచీ నిండుగా ఉంటే పిల్లలు గుప్పెడు వేస్తారు. అందుకే వాడకానికి చిన్న డబ్బా పెట్టి, పెద్దదానికి తాళం వేసినంత పని చేస్తాను. పిసినారితనం అని మా పెద్దాడు అలిగాడు కూడా. అలగనీ.

బస్తాలు కొనలేనివాళ్ళ గురించి ఒక మాట చెప్పాలి. పెద్దమొత్తంలో కొంటే చవకన్నది చేతిలో ఒకేసారి అంత డబ్బూ, ఇంట్లో అంత చోటూ ఉన్నవాళ్ళకే. రోజుకూలి మీద బతికే ఇల్లు ఏ రోజుకారోజు కొంటుంది, చాలా సరుకులకు కిలోకి మనకన్నా ఎక్కువే కడుతుంది. వాళ్ళకు "టోకున కొనుక్కోవచ్చుగా" అని సలహా చెప్పేవాళ్ళని చూస్తే నాకు కోపమొస్తుంది. చేతనైతే ఒక బస్తా కలిసి కొని పంచుకోండి. నాలుగిళ్ళు కలిస్తే ధరా తగ్గుతుంది, ఎవరింట్లోనూ పురుగు పట్టేంత నిలవా ఉండదు.

మా ఇంట్లో ఈసారి నేను గట్టిగానే మాట్లాడాను. గోడకు ఒక నోటు పుస్తకం వేలాడదీశాను. ఏ సరుకు ఏ రోజు విప్పామో, ఏ రోజు అయిపోయిందో విప్పినవాళ్ళే రాయాలి. రెండు నెలలు అలా రాస్తే మా అసలు వాడకం ఎంతో తెలుస్తుంది, ఆఫర్ ఎంత పెద్దదైనా అంతకు మించి కొనేది లేదని చెప్పాను. తెచ్చినవాళ్ళే సర్దాలన్నాను. మరిది కాసేపు మాట్లాడలేదు. తర్వాత తోటికోడలు "అక్కా, నూనె సీసాలు నేను కడిగి ఆరబెడతాను, నింపే పని ఆయనది" అంది. అత్తయ్య ఏమంటుందో అని భయపడ్డాను గానీ, ఆవిడ "ఈ మాట నేను ముప్పై ఏళ్ళ కిందట అనాల్సింది" అని లోపలికెళ్ళిపోయింది.

నాలుగు బస్తాల్లో ఒకటి పక్కింటివాళ్ళతో పంచుకున్నాం. ఒకటి కొంచెం కొంచెంగా ఫ్రీజర్లో తిరుగుతోంది. మిగతా రెండూ ఈ ఆదివారం విప్పి పరిచి చూడాలి. మరిదిని ఎక్కడికీ వెళ్ళొద్దని ఇప్పుడే చెప్పి వచ్చాను.