నడుముకి స్వెటర్ కట్టుకున్న అంకుల్

డిసెంబరు మూడో వారం వచ్చిందంటే హైదరాబాదులో రెండు దిగుతాయి. బీరువా మీది పెట్టెలోంచి మంకీ క్యాప్ దిగుతుంది. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోకి "ఆదివారం అనంతగిరి నేచర్ వాక్, గైడ్ ఉంటాడు, పేర్లు ఇవ్వండి" అని మెసేజ్ దిగుతుంది. పేరిచ్చిన ప్రతి మనిషీ అడిగేది ఒకటే: చిరుత ఉంటుందా? గడ్డి ఉంటుందా అని ఇంతవరకూ ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

గైడు ముందురోజు సాయంత్రం జాగ్రత్తలు పంపుతాడు. అందులో ప్రతి మాటకీ కారణం ఉంటుంది. ఉన్ని బట్టలు, లావు కాటన్ ప్యాంట్లు వద్దంటాడు. నున్నటి నైలాన్ ట్రాక్ ప్యాంటయితే గుచ్చుకునే గడ్డి గింజకి పట్టు దొరకదు. సెంటు కొట్టుకోవద్దంటాడు. పెద్ద చెట్ల కొమ్మలకీ బండల అంచులకీ తేనెపట్లుంటాయి, ఆ ఈగలకి ఘాటు వాసనలు గిట్టవు. మనిషికి లీటరున్నర నీళ్ళు తెచ్చుకోమంటాడు. నాలుగు కిలోమీటర్లకి మూడు గంటలు పడుతుందని కూడా రాస్తాడు, "నేను రోజూ కేబీఆర్ పార్కులో అరగంటలో తిరుగుతా" అనేవాళ్ళ కోసం. ఈ మెసేజ్‌కి వచ్చే జవాబులు మూడు రకాలు: నమస్కారం బొమ్మ, బొటనవేలి బొమ్మ, గుడ్ నైట్.

కూకట్‌పల్లి అంకుల్ మూడూ పెట్టారు. చదవడం మాత్రం కుదర్లేదు.

ఆయన బ్యాంకులో రిటైరయ్యారు. వికారాబాద్ వైపు తెల్లవారుజామున పది డిగ్రీలకి పడిపోవచ్చని టీవీలో విన్నారు కాబట్టి బనియను, దానిమీద చొక్కా, దానిమీద ఆంటీ అల్లిన లావు ఉన్ని స్వెటరు, కాళ్ళకి మోకాలి దాకా ఉన్ని సాక్సులు, నెత్తిన కళ్ళు తప్ప ఏమీ కనిపించని మంకీ క్యాపు. బట్టతల కాబట్టి క్యాపు విషయంలో ఆయన్ని తప్పుపట్టలేం. కానీ నోటిని కప్పేసిన క్యాపులో ఊపిరి పోవడానికి దారి పైకే. ఆ వెచ్చటి తడి గాలి చల్లటి కళ్ళద్దాలకి తగిలితే మంచు పట్టేస్తుంది. అందరూ పాలపిట్టని చూస్తుంటే అంకుల్ "పొగమంచు బాగా ఎక్కువగా ఉందే" అన్నారు. క్యాపుని గడ్డం కిందికి లాగితే ఆ పొగమంచు నిమిషంలో పోతుంది. చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

లంగర్‌హౌజ్‌లో ఐదు లోపే బయల్దేరి, మొయినాబాద్ దగ్గర చాయ్ తాగి, చేవెళ్ల మర్రిచెట్ల కిందుగా పోతే సూర్యుడు పొడిచే వేళకి, అంటే ఆరూ నలభై ప్రాంతంలో, అనంతగిరి గుట్ట మీదుంటారు. మూసీ పుట్టేది ఈ గుట్టల్లోనే. పదిమంది హైదరాబాదీలని తీసుకెళ్ళి ఆ సన్నటి ధార ముందు నిలబెడితే కనీసం ఒక్కరైనా అనే మాట, "ఇది మూసీ ఏంటి, వాసన రావట్లేదు కదా!"

ఎనిమిదిన్నరకి ఎండ ఎక్కింది. అంకుల్‌కి చెమట పట్టింది. స్వెటర్ విప్పారు. సంచిలో పెట్టుకోవచ్చు. కానీ సంచి నిండా ఆంటీ పెట్టిన పులిహోర, సకినాలు. అందుకని చేతులు ముందుకి ముడేసి స్వెటర్ని నడుముకి కట్టుకున్నారు. వెనక అది పిక్కల దాకా వేలాడుతోంది. అక్కడినుంచి దారి మోకాలెత్తు ఎండుగడ్డిలో. అంకుల్ నడిచిన మేర గడ్డిని ఊడ్చుకుంటూ వచ్చింది స్వెటరు.

ఎండు గుట్టల మీద పెరిగే ఈ బల్లెం గడ్డి దసరా దాటాక పండుబారి, చలికాలంలో గింజ రాలుస్తుంది. గింజ మొన సూదిలా ఉంటుంది. మొన చుట్టూ వెనక్కి తిరిగిన గట్టి నూగు. వెనక తోకలా వేలెడు పొడుగు మీసం, తాడులా మెలిపడి ఉంటుంది. మంచుకి తడిస్తే మెలి విప్పుకుంటుంది, ఎండకి ఆరితే మళ్ళీ చుట్టుకుంటుంది. తిరిగిన ప్రతిసారీ మొన ముందుకే దిగుతుంది. నూగు వెనక్కి రానివ్వదు. నేలలోకి తనంతట తానే దిగి నాటుకోవడానికి గడ్డి చేసుకున్న ఏర్పాటు ఇది. అయితే దానికి నేల ఏదో, సాక్సు ఏదో తెలీదు. పైగా ఉన్ని సాక్సులో చెమటకి తడవడం, ఎండకి ఆరడం నడక పొడుగునా జరుగుతూనే ఉంటాయి.

ఇంకో చిక్కు. పడమటి కనుమల్లో వానాకాలం తిరిగొచ్చినవాళ్ళు ప్యాంటుని సాక్సుల్లోకి దోపుకోవాలని సలహా ఇస్తారు. అది జలగల కోసం. మన ఎండు గుట్టల మీద డిసెంబరులో జలగలుండవు. ఇక్కడ అలా దోపుకుంటే సాక్సు మొత్తాన్ని గింజలకి రాసిచ్చినట్టే. అంకుల్ దోపుకున్నారు. పాత గొడుగు గుడ్డని జానెడున్నర వెడల్పున కత్తిరించి, బూటు మీదనుంచి మోకాలి దాకా చుట్టి, పైనా కిందా ఎలాస్టిక్ వేస్తే పైసా ఖర్చు లేకుండా పని జరుగుతుంది. గైడు కాళ్ళకి ఉన్నది అదే. పొద్దున్న దాన్ని చూసి నవ్విన వాళ్ళలో అంకుల్ మొదటివారు.

బండ మీద అందర్నీ కూర్చోబెట్టి గైడు మూసీ కథ ఎత్తుకున్నాడు. ఈ సన్నటి ధారే 1908 సెప్టెంబరులో నగరం మీద పడిందనీ, వేలమంది పోయారనీ, ఆ తర్వాతే విశ్వేశ్వరయ్యని పిలిపించారనీ, 1920కి గండిపేట, 1927కి హిమాయత్ సాగర్ తయారయ్యాయనీ చెబుతున్నాడు. అంకుల్ స్వెటర్‌తో సహా కూర్చున్నారు. కూర్చున్న మరుక్షణం సగం లేచారు. మళ్ళీ కూర్చున్నారు. "అఫ్జల్‌గంజ్‌లో చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది బతికిన్రు. ఆ చెట్టు ఉస్మానియా దవాఖానలో ఇప్పటికీ ఉన్నది" అని గైడు అనేసరికి అంకుల్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"బాధపడకున్రి సార్, శానా ఏండ్లాయె" అన్నాడు గైడు, గొంతు తగ్గించి.

"చెట్టు కాదయ్యా, గుచ్చుకుంటోంది!"

వెనక్కి తిప్పి చూస్తే స్వెటరు రంగు తెలియడం లేదు. బల్లెం గింజలు మీసాలు పెనవేసుకుని జడలు కట్టాయి. మధ్యమధ్యలో ఉత్తరేణి. అంచుకి పెద్ద పెద్ద మరులమాతంగి కాయలు, నీళ్ళు తగ్గిన చెరువు కట్టల దగ్గర పుష్కలంగా ఉండేవి. ఇలాంటి కొక్కేల కాయలే 1941లో జార్జ్ డి మెస్ట్రల్ అనే స్విట్జర్లాండ్ ఇంజనీరుకి, ఆయన కుక్కకి అంటుకుంటే, ఆయన మైక్రోస్కోపు కింద పెట్టి చూసి చివరికి వెల్క్రో కనిపెట్టాడు. అంకుల్ అంత దూరం వెళ్ళలేదు, తిట్ల దగ్గరే ఆగిపోయారు.

అడవి అంచున గొర్రెల్ని తోలుకుపోతున్న పెద్దాయన ఆగి చూశాడు.

"మా గొర్లకు గూడ ఇట్లనే గుచ్చుకుంటది సారూ. తోలుల దాక దిగుతది. గని అవి ఉన్ని ఇప్పి నడుముకు కట్టుకోవు."

ఇక పీకుడు కార్యక్రమం. అంకుల్ మీసం పట్టుకుని లాగారు. మీసం ఊడొచ్చింది, మొన సాక్సులోనే ఉంది. అందరూ చేసే పొరపాటిదే. గింజ వచ్చిన దారిన వెనక్కి రాదు, ముందుకే పంపాలి. బూటు విప్పి, సాక్సుని లోపలి వైపు బయటికొచ్చేలా తిరగేసి, మొన ఎక్కడ తేలిందో చూసి, చిన్న పట్టకారుతో అటువైపే లాగాలి. చర్మంలో గుచ్చుకున్నది మాత్రం వేరు. దాన్ని మొదలు దగ్గర పట్టుకుని నిదానంగా వెనక్కే తీసి, సబ్బుతో కడగాలి. ముక్క లోపల విరిగితే డాక్టరు దగ్గరికే, పిన్నీసు దగ్గరికి కాదు. ఉత్తరేణి ముల్లు లోపలికి దిగదు కాబట్టి ఎండినప్పుడు దువ్వితే రాలిపోతుంది. మరులమాతంగిని ఒక్కొక్కటే చేత్తో తుంచాలి, వేరే దారి లేదు.

ఇదంతా అక్కడే, బండెక్కకముందే జరగాలి. బూటు అడుగున మట్టితో సహా దులపాలి. ఒక గుట్ట గింజని ఇంకో ఊరికి మనమే మోసుకెళ్తే అడవికీ పొలానికీ నష్టం. వయ్యారిభామ అనే కలుపు మొక్క మన దేశమంతా పాకింది కాళ్ళుండి కాదు. గైడు ఈ మాట చెప్పాడు. అంకుల్ సాక్సుల వరకే ఓపిక పట్టి, స్వెటర్ని కవర్లో కుక్కి కారు డిక్కీలో వేశారు.

సాయంత్రం మెడికల్ షాపులో "పేల దువ్వెన ఒకటి" అన్నారు. షాపు కుర్రాడు ఆయన నెత్తి వైపు చూసి, ఏమీ అనకుండా ఇచ్చాడు. ఇంటికొచ్చేసరికి స్వెటరు వాషింగ్ మెషీన్లో తిరుగుతోంది. గింజలున్న బట్టని దులపకుండా మెషీన్లో వేస్తే అవి పక్క బట్టలకి సమానంగా పంచబడతాయి. సోమవారం ఆఫీసు మీటింగులో వాళ్ళబ్బాయి మూడుసార్లు లేచి నిలబడ్డాడట. మేనేజరు ప్రమోషను గురించి ఏదైనా అడుగుతాడేమోనని కంగారుపడ్డాడట.

మిగిలిన గింజల్ని అంకుల్ బాల్కనీలో తులసి కుండీ పక్కన కూర్చుని వారం రోజులు దువ్వారు. వానలు పడ్డాక తులసి మొదట్లో ఏదో మొక్క గుబురుగా లేచింది. పీకబోతుంటే ఆంటీ చెయ్యి పట్టుకున్నారు. వినాయక చవితికి ఇరవయ్యొక్క పత్రుల్లో అపామార్గం, అదే ఉత్తరేణి, బజారు కట్టలో ఏ ఏడూ సరైనది ఉండదు. ఈసారి ఇంట్లోనే, తాజాగా దొరికింది.

పూజయ్యాక ఆంటీ ఆ ఉన్ని స్వెటర్ని మడతపెట్టి ఆయన చేతికిచ్చారు.

"ఏమండీ, ఈ చలికాలం కూడా వెళ్ళండి. ఇంకా ఇరవై పత్రులున్నాయి."