సరుకు ఓడకు కాపలా కాసినవారు, కాయనివారు

రెండో ప్రపంచ యుద్ధంలో శత్రు జలాంతర్గాముల వల్ల తిండీ చమురూ అందక లొంగిపోయే ప్రమాదం ప్రధానంగా రెండు దేశాలకు ఎదురైంది. ఒకటి బ్రిటన్, రెండోది జపాన్. రెండూ ద్వీపదేశాలే. తిండిగింజలు, చమురు, ఇనుప ఖనిజం రెండింటికీ సముద్రం దాటి రావలసిందే. ప్రపంచంలోని మూడు పెద్ద నౌకాదళాల్లో రెండు ఈ దేశాలవే. అయినా బ్రిటన్ గట్టెక్కింది, జపాన్ గట్టెక్కలేదు. అమెరికా కర్మాగారాల బలమే దీనికి కారణమని సాధారణంగా చెబుతారు. అందులో నిజం ఉంది గానీ అది సగం నిజమే. సరుకు ఓడకు కాపలా కాయడం యుద్ధవీరుడు చేయదగిన పనేనని బ్రిటిష్ నౌకాదళం ఆలస్యంగానైనా, ఎంతో నష్టపోయాకనైనా ఒప్పుకుంది. జపాన్ నౌకాదళం ఓటమి అంచుకు చేరేదాకా ఒప్పుకోలేదు. మిగిలిన సగం కారణం ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

ముందుగా ఆనాటి జలాంతర్గామి ఎలాంటిదో చెప్పుకోవాలి. విశాఖపట్నం బీచ్‌లో ప్రదర్శనకు ఉంచిన కుర్సురా లోపలికి వెళ్లి వచ్చినవారికి ఆ ఇరుకుతనం తెలుసు. జర్మన్ జలాంతర్గాములను యూ-బోట్లు అనేవారు. జర్మనీ ఎక్కువగా వాడిన ఏడో రకం యూ-బోట్ అంతకంటే చాలా చిన్నది. పైగా అది ఎప్పుడూ నీటి అడుగునే తిరిగే నౌక కాదు. డీజిల్ ఇంజిన్ల మీద నీటిపైన 17 నాట్ల (గంటకు సుమారు 31 కిలోమీటర్ల) వేగంతో పరుగెత్తేది. మునిగాక బ్యాటరీల మీద ఎనిమిది నాట్లకు మించేది కాదు, అదీ కొద్దిసేపే. నాలుగు నాట్ల చొప్పున నింపాదిగా వెళ్లినా 80 మైళ్ల తర్వాత బ్యాటరీలు ఖాళీ అయ్యేవి. అందువల్ల దాన్ని ముంచకపోయినా ఫరవాలేదు, నీటిపైకి రానివ్వకుండా అడుగునే అణిచి ఉంచగలిగితే చాలు, సరుకు ఓడలు దాన్ని దాటుకుని వెళ్లిపోతాయి. కాపలా అంటే అసలు అర్థం ఇదే. శత్రువును వెతుక్కుంటూ వెళ్లి చంపడమే శౌర్యమనుకునే నౌకాధికారులకు ఈ అర్థం ఒక పట్టాన మింగుడుపడలేదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ అధికారులకూ మింగుడుపడలేదు. 1917 ఫిబ్రవరి 1 నుంచి జర్మనీ ఎలాంటి హెచ్చరికా లేకుండా వాణిజ్య నౌకలను ముంచడం మొదలుపెట్టింది. ఒక్క ఏప్రిల్ నెలలోనే ఎనిమిదిన్నర లక్షల టన్నులకు పైగా నౌకలు సముద్రం పాలయ్యాయి. ఇదే వేగంతో సాగితే యుద్ధం కొనసాగించలేమని బ్రిటిష్ నౌకాదళాధిపతి జెల్లికో అమెరికన్ అడ్మిరల్ సిమ్స్‌తో ఆ నెలలోనే చెప్పారు. ఓడలను బారుగా చేర్చి, వాటి చుట్టూ రక్షక నౌకలను ఉంచి నడిపే కాన్వాయ్ పద్ధతి కొత్తదేమీ కాదు, తెరచాప ఓడల కాలం నుంచీ ఉన్నదే. అయినా అధికారులు దానికి అడ్డుచెప్పారు. వారానికి 2,500 ఓడలు రేవుల్లోకి వస్తుంటే అన్నింటికీ కాపలా ఎక్కడి నుంచి తేగలమన్నారు. రెజినాల్డ్ హెండర్సన్ అనే కమాండర్ ఆ లెక్కను విప్పి చూశారు. తీరం వెంబడి తిరిగే చిన్నాచితకా పడవలన్నీ అందులో కలిసి ఉన్నాయి. మహాసముద్రం దాటి వచ్చే ఓడలు వారానికి 120 నుంచి 140 మాత్రమే. మే నెలలో కాన్వాయ్‌లు మొదలయ్యాయి, క్రమంగా నష్టాలు తగ్గాయి. ఒక సామ్రాజ్యం తలరాత మార్చింది కొత్త ఆయుధం కాదు, సరిచేసిన ఒక లెక్క.

ఈ పాఠం నేర్చుకునే అవకాశం జపాన్‌కు ప్రత్యక్షంగానే దక్కింది. అప్పట్లో జపాన్ బ్రిటన్‌కు మిత్రదేశం. 1917లో మాల్టా కేంద్రంగా మధ్యధరా సముద్రంలో కాపలా పని చేయడానికి జపాన్ తన డిస్ట్రాయర్ల (వేగంగా వెళ్లే చిన్న యుద్ధనౌకల) దళాన్ని పంపింది. ఆ దళం ఏడు వందలకు పైగా నౌకలకు తోడుగా వెళ్లింది. జూన్ 11న సకాకి అనే డిస్ట్రాయర్ టార్పెడో దెబ్బ తిని 59 మందిని కోల్పోయింది. కాపలా ఎంత ప్రమాదకరమో, ఎంత అవసరమో ఆ నావికులు కళ్లారా చూశారు. వారు చూసింది టోక్యోలోని నౌకాదళ సిద్ధాంతంలోకి మాత్రం ఎక్కలేదు.

1939 సెప్టెంబరు 3న యుద్ధం ప్రకటించిన రోజు సాయంత్రమే యూ-30 అనే జర్మన్ జలాంతర్గామి అథీనియా అనే ప్రయాణికుల ఓడను ముంచింది. అప్పటికి జర్మనీ దగ్గర ఉన్న యూ-బోట్లు 57. బ్రిటన్‌ను దిగ్బంధించడానికి 300 కావాలని వాటి అధిపతి డోనిట్జ్ అడుగుతూ వచ్చారు. 1940 జూన్‌లో ఫ్రాన్స్ లొంగిపోవడంతో బ్రెస్ట్, లోరియాఁ రేవులు జర్మనీ చేతికి చిక్కాయి. యూ-బోట్లు అట్లాంటిక్ నడిబొడ్డుకు చేరే దారి బాగా తగ్గింది. ఆ అక్టోబరులో ఎస్‌సీ-7 అనే కాన్వాయ్‌లో 35 ఓడలు బయల్దేరితే 20 మునిగిపోయాయి. రాత్రివేళ నీటిపైనే తిరిగే యూ-బోట్లను నీటి అడుగున శబ్దాన్ని పట్టే ఆస్డిక్ పరికరం పసిగట్టలేకపోయింది. అంటే ఈసారి కాన్వాయ్ ఉండీ ఓడలు దక్కలేదు. ఎలా కాపలా కాయాలో కూడా నేర్చుకోవలసి వచ్చింది.

ఆ నేర్చుకున్న తీరు నన్ను ఎక్కువగా ఆకట్టుకుంటుంది. లివర్‌పూల్‌లోని డెర్బీ హౌస్‌లో 1942 ఆరంభంలో ఒక శిక్షణ విభాగం ఏర్పడింది. దాని అధిపతి గిల్బర్ట్ రాబర్ట్స్ క్షయవ్యాధి వల్ల నౌకాదళం నుంచి విరమించిన అధికారి. ఆయన దగ్గర పనిచేసినవారిలో ఎక్కువమంది ఇరవై ఏళ్లు అటూ ఇటుగా ఉన్న మహిళా నౌకాదళ సభ్యులు. వారు గది నేల మీద సుద్దముక్కతో గీతలు గీసి, బొమ్మ ఓడలు జరుపుతూ, జరిగిపోయిన దాడులను మళ్లీ ఆడి చూశారు. యూ-బోట్ బయటి నుంచి గురిపెట్టడం లేదనీ, రాత్రి చీకట్లో వెనుక వైపు నుంచి వచ్చి ఓడల వరుసల మధ్యలోకే దూరుతోందనీ ఆ ఆటలో బయటపడింది. ఆ తర్వాత సముద్రంలో ఆరితేరిన వేలమంది కాపలా అధికారులు ఆ గదికి వచ్చి, తమకంటే చాలా చిన్నవారైన ఆ అమ్మాయిల దగ్గర పాఠం నేర్చుకుని వెళ్లారు.

ఇంకోవైపు భౌతిక శాస్త్రవేత్త ప్యాట్రిక్ బ్లాకెట్, ఆయన సహచరులు యుద్ధాన్ని అంకెల్లోకి మార్చి చూశారు. విమానాలు జారవిడిచే డెప్త్ చార్జీలు (నీటి అడుగున పేలే బాంబులు) వంద అడుగుల లోతులో పేలేలా అమర్చి ఉండేవి. విమానం చూసేసరికి జలాంతర్గామి నీటిపైనో, అప్పుడే మునుగుతూనో ఉంటుందనీ, కాబట్టి 25 అడుగుల లోతులో పేలాలనీ ఇ.జె.విలియమ్స్ లెక్కగట్టారు. కాన్వాయ్ ఎంత పెద్దదైనా మునిగే ఓడల సంఖ్య దాదాపు మారడం లేదని మరో లెక్క తేల్చింది. ఓడలు రెట్టింపైతే కాపలా కాయవలసిన చుట్టుకొలత రెట్టింపు కాదు, ఒకటిన్నర రెట్లకు కూడా చేరదు. అందువల్ల చిన్న కాన్వాయ్‌లు ఎక్కువ నడపడం కంటే పెద్దవి తక్కువ నడపడం మేలు. ఈ బ్లాకెట్‌కే 1948లో నోబెల్ బహుమతి వచ్చింది. స్వతంత్ర భారతదేశంలో రక్షణ, విజ్ఞాన వ్యవహారాల్లో నెహ్రూకు సలహాలిచ్చిందీ ఆయనే.

1943 మార్చిలో హెచ్‌ఎక్స్-229, ఎస్‌సీ-122 కాన్వాయ్‌ల నుంచి 22 ఓడలు పోయాయి. రెండు నెలలు తిరగకుండానే, మే నెలలో, జర్మనీ 41 యూ-బోట్లను కోల్పోయింది. వాటిలో ఒకదానిలో డోనిట్జ్ చిన్న కొడుకు కూడా చనిపోయాడు. మే 24న ఆయన తన దళాలను ఉత్తర అట్లాంటిక్ నుంచి వెనక్కి పిలిచారు. సెంటీమీటర్ తరంగాల రాడార్, రేడియో సంకేతాల దిశ పట్టే పరికరాలు, దూరం వెళ్లగల లిబరేటర్ విమానాలు, చిన్న విమానవాహక నౌకలు, జర్మనీ వాడిన ఎనిగ్మా రహస్య లిపి ఛేదన అన్నీ ఒకేసారి కలిసివచ్చాయి. అమెరికా ఒక్క లిబర్టీ రకం సరుకు ఓడలనే 2,710 నిర్మించింది. ఇవేవీ చిన్న విషయాలు కావు. అయితే ఈ సాధనాలన్నింటినీ ఒకే పని కోసం, అంటే ఓడలను క్షేమంగా రేవుకు చేర్చడం కోసం కూడగట్టాలన్న నిర్ణయం లేకపోతే అవి వేర్వేరు చోట్ల వేర్వేరు విజయాలుగా మిగిలిపోయేవి.

ఇప్పుడు జపాన్ సంగతి చూద్దాం. 1905లో త్సుషిమా దగ్గర రష్యా నౌకాదళాన్ని ఒక్క సమరంలో తుడిచిపెట్టిన జ్ఞాపకమే జపాన్ నౌకాదళానికి ధర్మశాస్త్రమైంది. తుది తీర్పు ఒక్క మహాసమరంలో వస్తుంది, జలాంతర్గామి ఉన్నది కూడా ఆ సమరానికి ముందు శత్రువు యుద్ధనౌకలను తగ్గించడానికే, సరుకు ఓడ దాని స్థాయికి తగిన వేట కాదు అన్నది వారి నమ్మకం. శత్రువు సరుకు ఓడను చిన్నచూపు చూసినవారు తమ సరుకు ఓడనూ అలాగే చూశారు. దాదాపు 60 లక్షల టన్నుల వాణిజ్య నౌకలతో యుద్ధంలోకి దిగిన దేశం దగ్గర సముద్ర కాపలాకు ప్రత్యేకంగా కట్టిన కైబోకాన్ నౌకలు నాలుగే ఉన్నాయి.

ఈ చిన్నచూపు వల్ల చేజారిన అవకాశం మన తీరంలోనే కనిపిస్తుంది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసిన విమానాలు జపాన్ అడ్మిరల్ ఒజావా దళంలోని ర్యూజో అనే నౌక నుంచి వచ్చినవి. తెలుగువారి జ్ఞాపకంలో ఆ రోజు బాంబుల రోజుగానే మిగిలింది. కానీ అసలు దెబ్బ సముద్రంలో తగిలింది. ఆ ఒకటి రెండు రోజుల్లో ఒజావా దళం బంగాళాఖాతంలో కాపలా లేకుండా తిరుగుతున్న వాణిజ్య నౌకలను ఇరవై దాకా ముంచింది. తూర్పు తీరంలో నౌకా రవాణా స్తంభించింది, మద్రాసు నుంచి జనం తరలిపోయారు. ఆ దెబ్బను నెలల తరబడి కొనసాగించి ఉంటే భారతదేశంలో బ్రిటిష్ యుద్ధ సన్నాహాలు ఏమయ్యేవో ఊహించవచ్చు. జపాన్ మాత్రం ఆ దళాలను వెనక్కి తీసుకుని, మహాసమరాన్ని వెతుక్కుంటూ పసిఫిక్‌కు వెళ్లింది. జూన్‌లో మిడ్‌వే దగ్గర నాలుగు విమానవాహక నౌకలను పోగొట్టుకుంది. హిందూ మహాసముద్రంలో ఓడల వేట సాగించమని జర్మనీ మళ్లీమళ్లీ కోరింది, నమూనాగా చూసుకోమని 1943లో యూ-511ను కానుకగా కూడా ఇచ్చింది. జపాన్ పంపిన కొద్ది జలాంతర్గాములు సాధించింది తక్కువేమీ కాదు. ఐ-29 అనే జలాంతర్గామి 1942 నవంబరు 23న బొంబాయి నుంచి ఆఫ్రికా వెళ్తున్న తిలావా ఓడను ముంచినప్పుడు 280 మంది చనిపోయారు, వారిలో చాలామంది భారతీయులు. 1943 ఏప్రిల్‌లో మడగాస్కర్ సమీపంలో జర్మన్ యూ-180 నుంచి సుభాష్ చంద్ర బోస్‌ను ఎక్కించుకున్నదీ ఆ ఐ-29నే. నేతాజీ ప్రయాణాన్ని గర్వంగా చెప్పుకునే మనం తిలావా మృతులను దాదాపు మరిచిపోయాం.

అమెరికా విషయంలో జపాన్‌కు దక్కిన వరం లాంటి వ్యవధి ఒకటుంది. దాని గురించి చరిత్ర ప్రియులు కూడా తగినంత మాట్లాడరు. 1941 డిసెంబరులో పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి జరిగిన కొన్ని గంటల్లోనే, హెచ్చరిక లేకుండా వాణిజ్య నౌకలనూ ముంచే అపరిమిత జలాంతర్గామి యుద్ధానికి అమెరికా ఆదేశించింది. కానీ వారి మార్క్-14 టార్పెడో పనిచేయలేదు. అమర్చిన లోతు కంటే కిందికి పోయేది, ఓడ దగ్గరికి రాకముందే పేలేది, తగిలినా పేలేది కాదు. 1943 జూలై 24న టినోసా అనే జలాంతర్గామి ఒకే జపాన్ నౌక మీద 15 టార్పెడోలు వదిలితే 11 తగిలి కూడా పేలలేదు. కమాండర్ చివరి టార్పెడోను వదలకుండా, పరీక్షించమని వెనక్కి తెచ్చారు. అన్ని లోపాలూ దిద్దేసరికి ఆ ఏడాది చివరికి వచ్చింది. అంటే కాపలా వ్యవస్థ కట్టుకోవడానికి జపాన్‌కు రెండేళ్లు దొరికాయి. ఆ రెండేళ్లూ వృథాగా పోయాయి. కాపలాకు ప్రత్యేక కమాండ్ ఏర్పడింది 1943 నవంబరులో, సరిగ్గా అమెరికన్ టార్పెడోలు పేలడం మొదలుపెట్టిన రోజుల్లో.

ఆ తర్వాత పతనం వేగంగా సాగింది. అమెరికన్ జలాంతర్గాములు 1,100కు పైగా వాణిజ్య నౌకలను, సుమారు 48 లక్షల టన్నుల మేరకు ముంచాయి. ఈ పని చేసిన విభాగంలో ఉన్నది అమెరికన్ నౌకాదళ సిబ్బందిలో రెండు శాతం లోపే. వారూ 52 జలాంతర్గాములను, దాదాపు 3,500 మందిని కోల్పోయారు. 1945 వసంతానికి దక్షిణాది నుంచి జపాన్‌కు చమురు రావడం దాదాపు ఆగిపోయింది. మహాసమరం కోసమే దాచుకున్న నౌకాదళానికి ఇంధనం లేదు, కొత్త పైలట్లకు శిక్షణ ఇవ్వడానికి పెట్రోలు లేదు.

ఈ విజయాన్ని నేను కీర్తించలేను. జలాంతర్గామి ముందు ఓడలోని మనుషులను భద్రపరచి, ఆ తర్వాతే ఓడను ముంచాలని 1936 నాటి లండన్ ఒప్పందం చెప్పింది. యుద్ధంలో దాన్ని పాటించిన పెద్ద దేశం లేదు. 1943 జనవరిలో వాహూ అనే అమెరికన్ జలాంతర్గామి బుయో మారు అనే ఓడను ముంచి, నీళ్లలో ఉన్నవారి మీద, పడవల మీద కాల్పులు జరిపింది. ఆ ఓడలో జపాన్ చెరలో ఉన్న పంజాబ్ రెజిమెంట్ సైనికులున్నారు. మొత్తం ఘటనలో 195 మంది భారతీయులు చనిపోయారు. 1944 ఆగస్టులో త్సుషిమా మారు అనే ఓడ మునిగినప్పుడు ఒకినావా నుంచి తరలిస్తున్న ఏడు వందలకు పైగా బడిపిల్లలు పోయారు. యుద్ధం తర్వాత జర్మన్ నాయకుల మీద జరిగిన న్యూరెంబర్గ్ విచారణలో అమెరికన్ అడ్మిరల్ నిమిట్జ్ తమ దళమూ మొదటి రోజు నుంచే అలాంటి యుద్ధం చేసిందని రాతపూర్వకంగా చెప్పారు. డోనిట్జ్‌కు పదేళ్ల శిక్ష పడింది గానీ, జలాంతర్గామి యుద్ధ నియమాల ఉల్లంఘనను ఆ శిక్షకు ఆధారంగా తీసుకోలేదని న్యాయస్థానం స్పష్టం చేసింది.

కాపలా దొరికిన ఓడలోనైనా, దొరకని ఓడలోనైనా చనిపోయినవారిలో ఎక్కువమంది సైనికులు కారు, కూలికి పనిచేసే నావికులు. జపాన్ వాణిజ్య నావికుల్లో దాదాపు 60 వేల మంది తిరిగి రాలేదు. బ్రిటిష్ ఓడల్లో బాయిలర్ల దగ్గర బొగ్గు వేసినవారు, వంట చేసినవారు, తాళ్లు లాగినవారు పెద్ద సంఖ్యలో భారతీయులే. వారిని లస్కర్లు అనేవారు. మన కాలువల గట్ల మీద నీటికి కాపలా తిరిగే లస్కరు అన్న మాటా అదే. తెల్ల నావికుడి జీతంలో కొద్ది భాగమే వారికి దక్కేది. టార్పెడో తగిలే ఇంజిన్ గదిలో ఉండేదీ వారే. ఆరు వేల దాకా భారతీయ వాణిజ్య నావికులు ఆ యుద్ధంలో చనిపోయారు. సముద్రంలో పోయినవారికి సమాధులు లేవు. వారి పేర్లు రాసిన పుస్తకాలు రెండున్నాయి, ఒకటి ముంబయిలో, దాని నకలు చిట్టగాంగ్‌లో.