వెల్స్ తీయని సీన్లకి వెల్స్ పేరెందుకు?

1942లో హాలీవుడ్‌లో ఆర్‌కేవో స్టూడియో చేసిన పాపం సినిమా పిచ్చోళ్లందరికీ తెలిసిందే. డైరెక్టర్ ఆర్సన్ వెల్స్ అప్పటికి 26 ఏళ్లవాడు, యుద్ధకాలంలో అమెరికా సర్కారు అడిగిందని బ్రెజిల్‌లో షూటింగ్ చేసుకుంటుంటే అక్కడ కాలిఫోర్నియాలోని పొమోనాలో వేసిన ప్రివ్యూలో జనం నవ్వారని హడలిపోయి ఆయన సినిమా 'ది మాగ్నిఫిసెంట్ ఆంబర్సన్స్' మీద కత్తెరేశారు, 131 నిమిషాల సినిమా 88కి దిగింది, చివర్లో ఆయన తీయని సుఖాంతం అతికించారు. మ్యూజిక్ చేసిన బెర్నార్డ్ హెర్మన్ అయితే ఆ సినిమాలో తన పేరే తీయించుకున్నాడు. కోసేసిన నెగెటివ్ కూడా మిగల్చలేదు.

ఆ పోయిన 43 నిమిషాలు ఏఐతో మళ్లీ పుట్టిస్తామని 2025 సెప్టెంబర్‌లో ఫేబుల్ అనే కంపెనీ ప్రకటించింది. వేరే నటులతో తీసి పాత మొహాలు అతికిస్తారట! వ్యాపారం కాదు, ప్రయోగమే అంటున్నారు, సరే. కానీ వెల్స్ ఎస్టేట్‌కి (ఆయన హక్కులు చూసుకునే వారసులకి) ముందు ఒక్క మాటైనా చెప్పలేదే. స్క్రిప్టు ఉంది, స్టిల్స్ ఉన్నాయి, నిజమే, కోసేసిన ఆ బోర్డింగ్ హౌస్ సీన్లో నటి ఆగ్నెస్ మూర్‌హెడ్ ఎలా చూసిందో మాత్రం ఎక్కడుంది? ఆయన తీయనిది ఆయన పేరు మీద చూపించడమే 1942లో జరిగింది, ఇప్పుడూ అదే.

వెల్స్‌దే ఇంకో సినిమా 'టచ్ ఆఫ్ ఈవిల్' సంగతి వేరు. ఎడిటింగ్ ఎలా ఉండాలో వెల్స్ రాసిన 58 పేజీల మెమో పట్టుకుని 1998లో ఎడిటర్ వాల్టర్ మర్చ్ మళ్లీ ఎడిట్ చేశాడు, ప్రతి ఫ్రేమూ అప్పట్లో తీసిందే. మన మాయాబజార్‌కి 2010లో రంగులేస్తే మనమూ మురిసిపోయాం, కానీ అందులో నటించింది ఎస్వీఆరే కదా.

మా భయమల్లా ఇది అలవాటైపోతుందనే. 2025 ఆగస్టులో హిందీ సినిమా 'రాంఝనా' తమిళ వెర్షన్ క్లైమాక్స్‌ని ఏఐతో మార్చేసి వదిలారు, డైరెక్టర్ ఆనంద్ ఎల్ రాయ్, హీరో ధనుష్ బతికుండి మొత్తుకున్నా ఆగలేదు, ఇక 1985లోనే పోయిన వెల్స్ తరఫున ఎవరు అడ్డుపడతారు? ఆయన సినిమా 'సిటిజన్ కేన్'కి రంగులేయబోతే 1989లో ఆపింది దాని మీద ఆయనకే పెత్తనమిచ్చిన పాత అగ్రిమెంటు, ఆంబర్సన్స్‌కి ఆ రక్ష కూడా లేదు.

వెల్స్ చూసుకోడానికని బ్రెజిల్‌కి పంపిన ఆంబర్సన్స్ ప్రింట్ ఏమైందో ఇంకా తేలలేదు, దాని కోసం వెతికేవాళ్లున్నారు. అంత ప్రేమే ఉంటే ఆ డబ్బేదో వాళ్లకివ్వండి, దొంగ సీన్లు పుట్టించి చచ్చిపోయినాయన సంతకం పెట్టకండి.