లోపలి గాలి, బయటి గాలి

గాలి నింపిన పడవలో చేపల వేటకు వెళ్లేవారిని దేనికి భయపడతారని అడిగి చూడండి. చాలామంది నోట మొదట వచ్చేది పంక్చర్ మాటే. గాలం ముల్లు గుచ్చుకుంటుందేమో, చేప రెక్కలోని ముల్లు దిగబడుతుందేమో, చేతిలోని కత్తి జారిపడుతుందేమో! అందుకని మాసికలు, జిగురు తప్పకుండా వెంట ఉంచుకుంటారు. లైఫ్ జాకెట్‌ను మాత్రం మెత్తగా ఉంటుందని కూర్చోవడానికి కింద వేసుకుంటారు. ఈ పడవల భద్రత గురించి జరిగే చర్చంతా తప్పు గాలి చుట్టూ తిరుగుతోందని మా అభిప్రాయం. లోపలి గాలి బయటికి పోతుందేమోనని బెంగపడేవారు, బయటి గాలి తమను ఎక్కడికి మోసుకుపోతుందో పట్టించుకోవడం లేదు.

ముందు పంక్చర్ సంగతే తేల్చుకుందాం. గాలి ఒత్తిడిని బార్లలో కొలుస్తారు. కారు టైరులో అది రెండు బార్లకు పైనే ఉంటుంది. గాలి పడవ పక్క గొట్టాల్లో సాధారణంగా ఉండేది పావు బార్‌కు అటూ ఇటూ. ముల్లు దిగితే బుస్సుమంటుందే తప్ప టైరులా పేలదు. పైగా వేటకోసం తయారైన పడవలో గాలి అంతా ఒకే సంచిలో ఉండదు, విడివిడి అరల్లో ఉంటుంది. ఒక అర ఖాళీ అయినా మిగిలినవి ఒడ్డు చేరే వ్యవధి ఇస్తాయి. సముద్రంలో చిక్కుకున్నవారిని కాపాడే బ్రిటన్ సంస్థ ఆర్‌ఎన్‌ఎల్‌ఐ తీరానికి దగ్గరి రక్షణ పనులకు 1963 నుంచి గాలి పడవలను వాడుతోంది. అంతకుముందే, 1952లో, ఫ్రెంచి వైద్యుడు అలాన్ బొంబార్ తెరచాప కట్టిన గాలి పడవలో ఒంటరిగా బయలుదేరి, కేనరీ దీవుల నుంచి బార్బడోస్ దాకా 65 రోజుల్లో అట్లాంటిక్ దాటారు. ఒడ్డెక్కేసరికి ఆయన చిక్కి శల్యమయ్యారు, పడవ మాత్రం తేలుతూనే ఉంది. అలాంటి సాహసం చేయమని మేము ఎవరికీ చెప్పబోము. గట్టి గుడ్డకు పూత పూసి, అతుకులు సరిగా వేసిన పడవ అంత తేలిగ్గా మోసం చేయదని మాత్రం చెప్పక తప్పదు. పలచని ప్లాస్టిక్ బొమ్మ పడవల కథ వేరు, దానికి తర్వాత వస్తాం.

ఇక బయటి గాలి. ఈ పడవ నీటిలోకి దిగేది నాలుగు వేళ్ల లోతు, అడుగున పట్టు ఉండదు. పైన ఉబ్బిన పక్కలు, కూర్చున్న మనిషి, నిలబెట్టిన గాలపు కర్రలు కలిసి ఎవరూ కోరని తెరచాప అవుతాయి. గాలి వేగం రెండింతలైతే దాని తోపుడు నాలుగింతలవుతుంది. తెడ్డు వేసే చేతుల బలం మాత్రం అంతే ఉంటుంది, గంట గడిచేకొద్దీ ఇంకా తగ్గుతుంది.

అన్నిటికన్నా మోసకారి, ఒడ్డు నుంచి నీటి మీదికి వీచే గాలి. గట్టూ చెట్లూ చాటుగా ఉండటంతో ఒడ్డు పక్క నీరు అద్దంలా కనిపిస్తుంది. బయలుదేరడానికి ఇంతకన్నా మంచి వేళ ఉండదనిపిస్తుంది. ఆ చాటు దాటాక గాలి పట్టుకుంటుంది. బెండు మీదే చూపు నిలిపినవాడికి ఒడ్డు వెనక్కి జరుగుతున్న సంగతి తెలియదు. తల ఎత్తి చూసేసరికి చెట్లు పొదల్లా చిన్నవై ఉంటాయి, పడవతో పాటు వచ్చిన తెడ్లేమో గరిటెల్లా ఉంటాయి. నీటి మీద గాలి ఎంత దూరం పరుగెడితే అలలు అంత పెద్దవవుతాయి కనుక, లోపలికి పోయేకొద్దీ పరిస్థితి ముదురుతుంది. అప్పుడు కొందరు ఇంకా పెద్ద పొరపాటు చేస్తారు, పడవను వదిలి ఒడ్డుకు ఈదబోతారు. అలల మధ్య మనిషి తల ఎవరికీ కనిపించదు, రంగు పడవ కనిపిస్తుంది. వెతికేవారు దొరకబుచ్చుకోవలసింది పడవను. అది తలకిందులైనా సరే, దాన్ని పట్టుకునే ఉండాలి.

లంగరు ఉందిగా అనేవారికి ఒక మాట. లంగరు తాడు పడవ ముందు కొసకు కట్టాలి. ప్రవాహంలో వెనకవైపు కడితే, మోటారు, బ్యాటరీ బరువుతో ఇప్పటికే కిందికి వాలిన ఆ భాగం మీదికి నీరు ఎక్కి పడవ నిండిపోతుంది. గాలానికి వీలుగా ఉంటుందని చాలామంది చేసేది సరిగ్గా ఇదే.

లైఫ్ జాకెట్ పడవలో ఉండటం వేరు, ఒంటి మీద ఉండటం వేరు. అమెరికా కోస్ట్ గార్డ్ 2022 లెక్కల ప్రకారం, మరణ కారణం తెలిసిన పడవ ప్రమాద మృతుల్లో 75 శాతం మంది నీట మునిగే చనిపోయారు. వారిలో జాకెట్ వివరం నమోదైనవారిని చూస్తే 85 శాతం మంది దాన్ని వేసుకోలేదు. ఇవి అన్ని రకాల వినోద పడవల లెక్కలు, గాలి పడవలవి మాత్రమే కావు. అయినా నీటికి పడవల తేడా తెలియదు. చల్లని నీటిలో ఈత వచ్చినవాడికి, రానివాడికి మధ్య దూరం కూడా చాలా తగ్గిపోతుంది. కెనడా శాస్త్రవేత్త గోర్డన్ గీస్‌బ్రెక్ట్ ప్రచారంలోకి తెచ్చిన లెక్క ఒకటుంది: ఒకటి, పది, ఒకటి. పడిన మొదటి నిమిషంలో ఊపిరి అదుపు తప్పుతుంది. తర్వాతి పది నిమిషాలే చేతులూ కాళ్లూ చెప్పిన మాట వింటాయి. చలికి స్పృహ తప్పడానికి ఇంచుమించు గంట పడుతుంది. చాలామంది ఆ గంట దాకా మిగలరు, మొదటి నిమిషంలోనే నీళ్లు మింగుతారు. అలలలో తేలుతూ జాకెట్ వేసుకుని బకిల్ పెట్టుకోవచ్చనుకునేవారు ఒక్కసారి ఈతకొలనులో ప్రయత్నించి చూడాలి. తనంతట తానే ఉబ్బే రకం కొన్నవారు లోపలి గ్యాస్ సీసా ఖాళీ అయిందో లేదో కూడా చూసుకోవాలి.

ఎండ గురించి క్లుప్తంగా. ఇరవై డిగ్రీల చల్లటి ఉదయం పావు బార్ దాకా నింపిన పడవను ఒడ్డున ఎండలో వదిలేస్తే, లోపలి గాలి నలభై డిగ్రీలకు చేరేసరికి ఒత్తిడి దాదాపు మూడో వంతు పెరుగుతుంది. అతుకులు ఊడేది అప్పుడే. మధ్యాహ్నపు ఎండలో నింపి చల్లని నీటిలో దింపితే వ్యవహారం తిరగబడుతుంది, పడవ మెత్తబడి నడుము వంచుతుంది. బొటనవేలితో నొక్కి చూసి సరే అనుకోకుండా ఒత్తిడి కొలిచే మీటరు వాడాలి.

మోటారు పెట్టుకునేవారు పడవ గొట్టం మీద కూర్చుని నడపడం మామూలే. ఒక్క కుదుపుకు మనిషి నీటిలో పడతాడు, పడవ గుండ్రంగా తిరిగి అతని మీదికే వస్తుంది. మణికట్టుకో జాకెట్‌కో కట్టుకునే చిన్న తాడు లాగగానే ఇంజన్ ఆగిపోయే ఏర్పాటును చిన్న మోటారు పడవల్లో తప్పకుండా వాడాలని అమెరికా 2021 ఏప్రిల్ 1 నుంచి నిబంధన పెట్టింది. మిగతా దేశాలు ఎందుకు ఆగాలో మాకు అర్థం కావడం లేదు.

బాధ్యతనంతా కొనేవాడి మీదికి నెట్టి చేతులు దులుపుకోవడం అన్యాయం. గాలి పడవలకు ఐఎస్‌ఓ 6185 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. ఎందరు ఎక్కవచ్చు, ఎన్ని కిలోలు మోయగలదు, ఎంత మోటారు పెట్టవచ్చు అన్నవి పడవ మీదే రాసి ఉండాలి. అమ్మకంలో మాత్రం ఇలాంటి పడవా, కొలనులో పిల్లలు ఆడుకునే బొమ్మా పక్కపక్కనే, ఒకే పేరుతో కనిపిస్తాయి. 'ఇద్దరికి' అన్న మాట పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఆ ఇద్దరితో పాటు ఎక్కే బ్యాటరీ, లంగరు, గాలపు పెట్టె, మంచినీళ్ల డబ్బాల బరువు చెప్పవలసిన కిలోల అంకె వెతికితే గానీ దొరకదు. బొమ్మను బొమ్మ అనే అమ్మాలని, కిలోల అంకెను మనుషుల లెక్క కన్నా పెద్దగా, కొనేవాడి భాషలో ముద్రించాలని చట్టం చేయాలి. పెట్టె మీద గాలం పట్టుకుని నవ్వుతున్న ఆ మనిషి చొక్కాతోనే కూర్చుని ఉంటాడు. ముందు అతనికి లైఫ్ జాకెట్ తొడిగించండి.