పాత మోత, కొత్త చేతులు

హెవీ మెటల్ అని గిటార్లు, డ్రమ్ములతో హోరెత్తించే రాక్ సంగీతం ఉంది కదా, దాన్ని పాత పద్ధతిలో వాయించే కొత్త బ్యాండ్లంటే మనవాళ్లకి చిన్నచూపు. "నలభై ఏళ్ల కిందటి మోతే మళ్లీ మోగిస్తే గొప్పేంట్రా?" అని మొన్న సంక్రాంతికి అమలాపురంలో మా బావగారు కొడుకుని దులిపేశారు. వాడు పెట్టుకున్న పాట క్రిప్టోస్ వాళ్లది. బెంగళూరు బ్యాండు, 1998లో మొదలైంది. "మావయ్యా, మీరైనా చెప్పండి" అన్నాడు వాడు. పండగపూట బావగారితో వాదన దేనికని ఊరుకున్నాను గానీ, ఇక్కడ చెప్పడానికి అడ్డేముంది?

ఆ తరహా మోత ఊపందుకుంది బ్రిటన్‌లో, డెబ్భైల చివర. ఐరన్ మెయిడెన్ తొలి ఆల్బం 1980లో వచ్చింది. శాక్సన్, డైమండ్ హెడ్ లాంటి వాళ్లు ఆ చుట్టుపక్కలే పైకొచ్చారు. వాళ్లలో చాలామందికి ప్రాణం జంట గిటార్లు. ఒకటి షడ్జం పట్టుకుంటే రెండోది పైన గాంధారం పట్టుకుంటుంది. ఇక ఎంత వేగంగా పరిగెత్తినా రెండూ జత విడవవు. మన మేళంలో జంట సన్నాయిలు ఒకే స్వరం మీద నడుస్తాయి కాబట్టి మన చెవికి ఇది మొదట కొత్తగా ఉంటుంది, తర్వాత వదలదు. తర్వాత్తర్వాత రికార్డింగుల్లోకి కంప్యూటర్ వచ్చింది. డ్రమ్ము దెబ్బ వెంట్రుకవాసి అటూ ఇటూ పడినా సరిచేసేస్తుంది. తప్పు పోయింది, దాంతోపాటు మనిషీ పోయాడు. 2004లో స్వీడన్‌లో మొదలైన ఎన్‌ఫోర్సర్ లాంటి బ్యాండ్లు వెనక్కి తిరిగింది ఆ మనిషి కోసమేనని నాకనిపిస్తుంది. లెదర్ జాకెట్టూ తూటాల బెల్టూ తగిలించుకుని, వాయింపు మాత్రం అంతంతమాత్రంగా ఉండేవాళ్లూ లేకపోలేదు. వాళ్లని నేనూ వినను.

అసలు గోదావరి జిల్లాల వాళ్లం మనం ఈ ప్రశ్న అడగకూడదు. కనుమనాడు కోనసీమలోని జగ్గన్నతోటకి ఏకాదశ రుద్రుల ప్రభలు వస్తాయి. వెదురుతో కట్టి, రంగుబట్టలు చుట్టిన అంతెత్తు ప్రభల్ని భుజాన వేసుకుని, "అశరభ శరభ" అంటూ వరిచేలకి అడ్డంపడి వస్తారు. డప్పుల మోతకి గుండె అదురుతుంది. నిరుడూ ఇదే కదా, ఈ ఏడు కొత్తేముంది అని ఎవరైనా అడిగారా? 2023 రిపబ్లిక్ డే కవాతులో మన రాష్ట్ర శకటంగా ఆ ప్రభలే ఢిల్లీ వెళితే అందరం వాట్సాప్‌లో పంచుకుని మురిసిపోయాం.

కానీ పెళ్లిళ్లలో చూడండి. డోలు వాయించేవాడు ఒక చేత్తో పుల్ల పట్టుకుని, రెండో చేతి వేళ్లకి గట్టి తొడుగులు తొడుక్కుని, పంతులుగారి పెదవులు చూస్తూ కూర్చుంటాడు. "గట్టిమేళం" అనగానే వాయిస్తున్నది అక్కడికక్కడ తుంచేసి విరుచుకుపడతాడు. ఆ అరక్షణం తెలివి ఏ మెషీనుకీ రాదు. ఆ మనిషిని ఓ మూల కూర్చోబెట్టి, ఊరేగింపుకి డీజే బాక్సులు పెట్టిస్తున్నాం.

ఇక్కడ మన తెలుగు సంఘాల సంబరాలు మరీ అన్యాయం. పంచెకట్టు ఉంటుంది, థర్మకోల్ ప్రభ ఉంటుంది, గొబ్బెమ్మలూ ఉంటాయి. పాట మాత్రం ట్రాక్ మీద. పాడే పిల్ల గొంతు తడబడినా ట్రాక్ ఆగదు, దాని దారిన అది పోతుంది. నా దృష్టిలో ఇది తూటాల బెల్టు బాపతే. ఓ ఏడాది మన కుర్రాళ్లు నలుగురు గిటార్లు, డ్రమ్ములతో వస్తామంటే, అది మన సంస్కృతి కాదని ఓ కమిటీ పక్కన పెట్టింది. ఆ సాయంత్రం మొత్తానికి చేత్తో వాయించడానికి సిద్ధపడ్డది వాళ్లే.

వచ్చే ఉగాదికి ఒక పూట ట్రాకులు మానేద్దాం. డోలు, సన్నాయి తెలిసినవాళ్లు మన చుట్టుపక్కల గుడుల్లో దొరుకుతారు, పిలిచి మర్యాదగా డబ్బిద్దాం. ఆ కుర్రాళ్లకి కూడా జనం భోజనాలకి లేచాక కాదు, నిండుగా ఉన్నప్పుడే ఓ అరగంట ఇద్దాం. చెవులు నొప్పెడితే దూది నేను తెస్తాను.