విశ్రాంత క్లాస్‌మేట్ల శాఖ

ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయసును మన ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 58 నుంచి 60కి పెంచారు. 2022 జనవరి నుంచి 62 చేశారు. ఖజానాలో డబ్బు లేక పెంచారని కొందరు, ఓట్ల కోసం పెంచారని కొందరు, అనుభవజ్ఞుల సేవలు వాడుకోవడానికని మరికొందరు అన్నారు. ఇవన్నీ పైపై కారణాలు. అసలు కారణం తెలియాలంటే తిరుపతిలో తెల్లవారుజామున యూనివర్సిటీ గ్రౌండు చుట్టూ ఒక్క రౌండు కొట్టిరండి. రిటైరైనవాడు ఇంట్లో ఖాళీగా కూర్చుంటే పాత క్లాస్‌మేట్లను వెతుకుతాడు. వెతికితే దొరుకుతారు. దొరికితే గ్రూపు పెడతారు. గ్రూపు పెడితే కమిటీ వేస్తారు. ఈ ప్రమాదం ఎప్పుడో పసిగట్టిన ప్రభుత్వం దాన్ని రెండేసి సంవత్సరాల చొప్పున వాయిదా వేస్తూ వచ్చింది. పూర్తిగా ఆపడం ఏ ప్రభుత్వం వల్లా కాదు.

మా బ్యాచ్ సంగతే తీసుకోండి. ఎనభైల మొదట్లో డిగ్రీ వెలగబెట్టినవాళ్లం. మమ్మల్ని బడిలో చేర్చిన రోజుల్లో పుట్టినతేదీ అడిగితే, "పెద్దవాన పడిందే, ఆ ఏడు. గంగ జాతర అయిన మూడోనాడు సామీ" అని చెప్పేవాళ్లు మా అమ్మానాన్నలు. అయ్యవారు అంతా శ్రద్ధగా విని, రిజిస్టర్లో జులై 1 అని రాసుకునేవారు. అలా మా క్లాసులో చాలామంది ఒకే రోజు పుట్టారు. ఒకటో తారీఖున పుట్టినవాళ్లు ముందు నెలాఖరుకే రిటైరవ్వాలని సర్వీసు నిబంధన ఒకటుంది. దానివల్ల జూన్ 30 సాయంత్రం నానా ఆఫీసుల నుంచి వీళ్లంతా శాలువాలతో, దండలతో, వెంకన్న ఫొటోలతో ఒక్కసారిగా జనంలోకి వచ్చిపడ్డారు. తెల్లారితే అందరికీ పుట్టినరోజు. చేయడానికి ఏ పనీ లేని మొదటి రోజున శుభాకాంక్షలు చెప్పుకోవడానికి ఇంతమంది ఉంటే గ్రూపు పుట్టక ఏం చేస్తుంది?

పుట్టింది. పుట్టిన వారానికే అది గ్రూపు కాదని, పక్కా ప్రభుత్వ శాఖ అని తేలిపోయింది. తహశీల్దారుగా దిగిపోయిన మిత్రుడు అడ్మిన్ బాధ్యతలు స్వీకరించాడు. ఎవరూ ఇవ్వలేదు, స్వీకరించాడు. ట్రెజరీలో పనిచేసినవాడు కోశాధికారి. వాడి దగ్గర టీ డబ్బులు పాస్ చేయించుకోవాలంటే ఎన్ని టీలు, ఎవరెవరు తాగారు, చక్కెర లేనివి ఎన్ని అన్న వివరాలతో బిల్లు పెట్టాలి. హెడ్మాస్టరుగా చేసినవాడు పొద్దున్నే హాజరు తీసుకుంటాడు. గుడ్ మార్నింగుకు బదులివ్వనివాడి ఇంటికి సాయంత్రానికల్లా ఫోను వెళ్తుంది, "బాగుండావా, ఏమన్నా అయిందా?" అని. ఆ గొంతులో ఆందోళన కంటే ఆబ్సెంటు వేసే ఉత్సాహమే ఎక్కువని నా అనుమానం. ఒకడైతే మోకాలి నొప్పి వల్ల ఆదివారం టీకి రాలేకపోతున్నానని చెప్పడానికి, "పై విషయమై తమరికి సవినయముగా మనవి చేయునది ఏమనగా" అంటూ మొదలుపెట్టాడు. పైన విషయం ఏమీ లేదు. ముప్ఫై ఐదేళ్ల సర్వీసులో చెయ్యి అలా పడిపోయింది, పాపం.

వాట్సాప్ గ్రూపులో ఇప్పుడు 1024 మంది దాకా ఉండొచ్చట. మా అరవై మందికే ఇంత పరిపాలన అవసరమైతే నిండు గ్రూపులకు ఐఏఎస్ అధికారిని వేయాల్సిందే.

ఈ శాఖలో అన్నిటికంటే క్లిష్టమైన సెక్షను పుట్టినరోజులు, సంతాపాలది. రెండూ ఒకే రోజు వస్తే గందరగోళం తప్పదు. మొన్నొక క్లాస్‌మేటు పుట్టినరోజు నాడే ఇంకొకడి మేనమామ పోయాడు. పుట్టినరోజువాడికి ముగ్గురు "ఓం శాంతి" పెట్టారు. మేనమామ పోయినవాడికి కేకు బొమ్మ వచ్చింది. ఇద్దరూ చేతులు జోడించి ధన్యవాదాలు చెప్పారు. ఫైలు ముగిసింది.

ఇక సీనియారిటీ. కాలేజీలో ఫస్ట్ వచ్చినవాడు బ్యాంకులో చేరి, ఊళ్లు తిరిగి తిరిగి, తిరుపతి బైరాగిపట్టెడలో రెండు గదుల ఫ్లాటుకు చేరుకున్నాడు. ప్రాక్టికల్స్‌లో పరీక్షనాళికలు పగలగొట్టినవాడు కాంట్రాక్టరై, ఇప్పుడు భోజనాల ఖర్చు మొత్తం నేనే పెట్టుకుంటానంటాడు. సహజంగానే అప్పట్లో వాడు గొప్ప తెలివైనవాడని, లెక్చరర్లే గుర్తించలేకపోయారని గ్రూపు ఏకగ్రీవంగా తీర్మానించింది. ఫస్ట్ ర్యాంకరుకు మాత్రం ఒక విషయంలో ఈనాటికీ ఎవరూ అందలేదు. ఒకప్పుడు మార్కులు పోల్చుకున్నట్టే మేమిప్పుడు మూడు నెలల షుగరు సగటు పోల్చుకుంటున్నాం. వాడిది తొమ్మిదిన్నర.

శాఖకు అసలు పని కొండమీదిది.

తిరుపతిలో స్థిరపడిన క్లాస్‌మేటు బతుకు మిగతా ఊళ్లవాళ్లకు అర్థం కాదు. నలభై ఏళ్లు పలకరింపు లేనివాడు ఉన్నట్టుండి ఫోను చేస్తాడు. "రేయ్, నేన్రా! గుర్తుపట్టలా? థర్డ్ బెంచి!" మనం సంతోషపడతాం. ఆరోగ్యం ఎట్లుంది అంటాడు. పిల్లలు ఎక్కడున్నారు అంటాడు. మన పాత హాస్టలు సాంబారు తలచుకుని ఒక నిట్టూర్పు విడుస్తాడు. ఇక్కడ తిరుపతివాడి గుండె జారుతుంది, ఎందుకంటే నిట్టూర్పు తర్వాత వచ్చేది ఎప్పుడూ ఒకటే. "వచ్చే శనివారం మేం ఆరుగురం వస్తాండాం రా. బ్రేక్ దర్శనం అయితే బాగుంటుంది. రూము పైనే చూడు."

300 రూపాయల టికెట్లు మూడు నెలల ముందే ఆన్‌లైన్‌లో పెడతారు, వాటిని ఎవరైనా ఎక్కడినుంచైనా తీసుకోవచ్చు అని చెప్పి చూడండి. హైదరాబాదులో ఉన్నవాడి ఫోనుకూ, తిరుపతిలో ఉన్నవాడి ఫోనుకూ వచ్చేది ఒకే వెబ్‌సైటు అని నమ్మించి చూడండి. నమ్మరు. ఏడుకొండలు కిటికీలోంచి కనిపించేవాడికి లోపల ఎవరో ఒకరు తెలిసి ఉండాలని వాళ్ల వాదన. మాకు లోపల తెలిసినవాడు ఒక్కడే, ఆయన నల్లరాతి విగ్రహం, సిఫారసు లేఖలు ఇవ్వడు. స్థానికులకు దర్శనం నెలలో మొదటి మంగళవారం. దాని టోకెన్ల కోసం మేమే తిప్పలు పడతాం. ఈ మాట చెబితే అవతలివాడు నొచ్చుకుంటాడు. "నీకు ఇష్టం లేకుంటే చెప్పరా, పర్లేదు" అంటాడు. దాంతో మనమే ఎవరో పీఏ ఇంటి ముందు నిలబడి, ఎమ్మెల్యేగారి లెటర్‌హెడ్ మీద ఆరుగురి ఆధార్ నంబర్లు రాయించుకుంటాం. శనివారం రానే వస్తుంది. దర్శనం బ్రహ్మాండంగా అవుతుంది. తిరుగు రైలెక్కేముందు ఆ స్నేహితుడు కళ్లలో నీళ్లతో మన చేతిలో ఒక లడ్డూ పెడతాడు. తిరుపతిలో పుట్టి పెరిగినవాడికి, తిరుపతి రైల్వే స్టేషన్లో, తిరుపతి లడ్డూ. కళ్లకద్దుకుని తీసుకుంటాం. ఏం చేస్తాం మరి.

ఈ బాధకు ముగింపు 65వ ఏట ఉందని కొందరికి ఒక ఆశ. 65 నిండినవాళ్లకు కొండమీద వయోవృద్ధుల దర్శనం వేరే ఉంటుంది. నలభై దాటిన రోజున నెలంతా దిగులుపడినవాళ్లే ఇప్పుడు 65 కోసం వేళ్లు మడుచుకుంటున్నారు. ఇక్కడే జులై 1వాళ్లకు పెద్ద దెబ్బ తగిలింది. వీళ్లలో చాలామందికి అయ్యవారు దయతలచి ఒకటి రెండేళ్లు తగ్గించి రాశారు. ఉద్యోగంలో ఆ రెండేళ్లు అదనంగా కలిసొచ్చాయని ఇన్నాళ్లూ మీసాలు మెలేశారు. మోకాళ్లకేమో 66, ఆధార్ కార్డుకు 64. దేవుడికి అసలు వయసు తెలుసు, కౌంటర్లో అబ్బాయికి తెలియదే! సర్వీసులో మిగుల్చుకున్నదంతా ఇప్పుడు క్యూ కాంప్లెక్సులో వడ్డీతో సహా కట్టేస్తున్నారు. కోశాధికారి దీన్ని 'రికవరీ' కింద చూపించాడు.

మిగిలిన పని ఆనందించడం. "లైఫ్ ఎంజాయ్ చేయాలప్పా, ఇంకెప్పుడు?" అన్న సందేశం రోజుకు ఏడుసార్లు వస్తుంది. పంపేవాడు ఆ సమయానికి ల్యాబులో రక్తం ఇవ్వడానికి కూర్చునో, మనవడిని ట్యూషన్ నుంచి తీసుకురావడానికి స్కూటరు మీద ఎదురుచూస్తూనో ఉంటాడు. అమెరికా వెళ్లినవాళ్లది ఇంకో రకం ఎంజాయ్. ఆరు నెలల వీసా మీద వెళ్లి, పసిబిడ్డకు డైపర్లు మార్చి, మధ్యలో ఒకసారి నయాగరా ముందు నిలబడి ఫొటో దిగుతారు. ఆ ఫొటో చూసి బైరాగిపట్టెడలో ఉన్నవాడు కుళ్లుకుంటాడు. బైరాగిపట్టెడవాడు వేడివేడి మైసూరు బజ్జీ ఫొటో పెడితే అక్కడివాడు కుళ్లుకుంటాడు. ఆ విధంగా శాఖలో సమన్యాయం నడుస్తోంది.

ఆనందించడంలో భాగంగా అందరం అలిపిరి నుంచి నడిచి కొండెక్కాలని ఒకసారి తీర్మానం చేశాం. 3550 మెట్లు. దానికోసం బ్యాచ్ పేరు అచ్చు వేసిన టీషర్టులు కుట్టించారు. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో మగవాళ్లు చీర కట్టుకుని వేషం వేస్తారంటే దానికొక మొక్కుంటుంది. మా బ్యాచ్‌లో కుర్రవేషాలకు మొక్కు కూడా అక్కర్లేకపోయింది. జుట్టుకు రంగు, కాళ్లకు తెల్లబూట్లు, పొట్టమీద సాగిపోయిన బ్యాచ్ సంవత్సరం. గాలిగోపురం దాకా సగం మంది వచ్చారు. అక్కడ కూర్చున్నవాళ్లలో కొందరు "మీరు పోతా ఉండండి, వెనకాలే వస్తాం" అన్నారు. మోకాళ్ల పర్వతం దగ్గరికి వచ్చేసరికి ఆ పేరు ఎందుకు పెట్టారో అర్థమయ్యేంత మంది మాత్రమే మిగిలారు. పైకి వెళ్లాక గ్రూపు ఫొటోలో చూస్తే అందరూ ఉన్నారు! బస్సులు అప్పటికే రెండు ట్రిప్పులు తిరిగాయి మరి. మరుసటి రోజు పెట్టిన నివేదికలో 'శాఖ నూరు శాతం లక్ష్యం సాధించింది' అని ఉంది. జీవితమంతా ఇలాంటి నివేదికలే రాసినవాళ్లు కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు.

క్లాసులో ఆడపిల్లలు ఎనిమిదిమంది ఉండేవాళ్లు. గ్రూపులో వాళ్లను 'మేడమ్' అంటారు, అప్పట్లో ఏమీ అనే ధైర్యం లేక ఇప్పుడు ఆ కొరత తీర్చుకుంటున్నారు. మేం కాశీయాత్రకు రవాణా ఉపసంఘం, వసతి ఉపసంఘం వేసి, రైల్లో పెద్దవాళ్ల రాయితీ 2020 మార్చిలో తీసేశారు కాబట్టి అంచనాలు సవరించాలా అని చర్చిస్తుండగా, వాళ్లు గంగాహారతి ముందు నిలబడ్డ ఫొటో పెట్టారు. ఎవరి అనుమతితో వెళ్లారని అడ్మిన్ వివరణ కోరాడు. దానికి బదులుగా ఒక నవ్వు బొమ్మ వచ్చింది. ఆ బొమ్మను ఏ ఫైల్లో పెట్టాలో ఇప్పటికీ తేలలేదు.

ఇన్ని అన్నాను గానీ, జాయింట్ డైరెక్టరుగా దిగిన పెద్దమనిషిని నడిరోడ్డు మీద, లీలామహల్ సర్కిల్లో, డ్రైవరు వింటుండగా "రేయ్ ఉడతా!" అని పిలవగలిగేవాళ్లు ఈ భూమ్మీద వీళ్లు తప్ప లేరు. ఆ పిలుపు విన్నప్పుడు ఆయన మొహం చూడాలి. ప్రమోషన్ ఆర్డరు చేతికొచ్చినప్పుడు కూడా అంత వెలగలేదట.

ప్రస్తుతం శాఖ ముందున్న జటిల సమస్య వార్షిక సమావేశం ఎక్కడన్నది. మేం చదివేనాటికి అంతా ఒకటే చిత్తూరు జిల్లా. 2022 ఏప్రిల్ 4న తిరుపతి వేరే జిల్లా అయింది. అప్పటిదాకా ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ల మధ్య సరిహద్దు రాళ్లు లేచాయి. 1911 నుంచి జిల్లా కేంద్రం మాది, మా దగ్గరే పెట్టాలంటారు చిత్తూరువాళ్లు. మీకు కలెక్టరాఫీసుంటే మాకు దేవుడున్నాడంటారు తిరుపతివాళ్లు. మధ్యేమార్గంగా ఎవరో కాణిపాకం అన్నారు. చిత్తూరుకు దగ్గర, వినాయకుడి సన్నిధి, అందరికీ సమ్మతం అనుకున్నాం. అంతలో మదనపల్లె మిత్రుడు సరదాగా ఒక మాట అన్నాడు: "ఎట్లా అక్కడికి పోతాం కదా, ఆ కెమిస్ట్రీ రికార్డులో ఉత్తరం ఎవరు పెట్టిందో ప్రమాణం చేసి తేల్చేద్దాం."

ఫైనలియర్లో ఒకమ్మాయి రికార్డు పుస్తకంలో సంతకం లేని ఉత్తరం దొరికింది. అనుమానితులు చాలామంది. అందరూ ఇప్పుడు తాతలే. కాణిపాకంలో అబద్ధపు ప్రమాణం చేస్తే ఏమవుతుందో ఈ జిల్లాలో చిన్నపిల్లాడిని అడిగినా చెబుతాడు. ఒక్క గంటలో అభ్యంతరాలు వెల్లువెత్తాయి. ఒకడు అక్కడ పార్కింగు చాలదన్నాడు. ఒకడు ఎండలన్నాడు. ఇంకొకడు బాహుదా నదికి వరదొస్తే ఎట్లా అన్నాడు, ఏప్రిల్ నెలలో. చివరికి ఆ మేడమే కలగజేసుకుని, "ఎవరో నాకు అప్పుడే తెలుసులేప్పా. ఆ స్పెల్లింగులు క్లాసులో ఒక్కడికే వచ్చేవి" అని పెట్టింది. మరుసటి రోజు పొద్దున గుడ్ మార్నింగులు కూడా రాలేదు.

రెండు రోజుల తర్వాత కోశాధికారి పుత్తూరు ప్రతిపాదించాడు. ఈ వయసులో రీయూనియన్ అంటే డ్యాన్సు తప్పదు, డ్యాన్సు చేస్తే ఎవరిదో ఒకరిది విరగకా తప్పదు, అక్కడైతే ఆకు పసరు, గుడ్డు తెల్లసొన పూసి, వెదురు బద్దలు పెట్టి అప్పటికప్పుడు కట్టు కట్టేస్తారు, రవాణా ఖర్చు ఆదా అని నోటు పెట్టాడు. పుత్తూరు కూడా తిరుపతి జిల్లాలోనే ఉందని చిత్తూరువాళ్లు ఒక్క క్షణం గొణిగారు గానీ, వాళ్లలో ఇద్దరికి ఇప్పటికే అక్కడి కట్లున్నాయి. తీర్మానం నెగ్గింది. భోజనంలో రాగిసంగటి, నాటుకోడి పులుసు పెట్టాలా, లేక షుగరువాళ్ల కోసం చపాతీలా అనే దాని మీద ఉపసంఘం వేశారు. నివేదిక జూన్ 30లోగా ఇవ్వాలట. ఆ రోజుకు ఇంకో బ్యాచ్ దిగుతోంది.