‘వీసీ కుర్చీకి ఎవరైనా ఒకటే’ అంటున్న సందేశానికి జవాబు

పది రోజుల్లో ఒకే సందేశం నా ఫోనుకు ఐదుసార్లు వచ్చింది. ఆరోసారి చెవిన పడింది. విజయనగరం గంటస్తంభం దగ్గర పొద్దున్నే టీకి కలిసే మా నలుగురిలో రెవెన్యూ శాఖలో చేసి రిటైరైన మిత్రుడొకాయన దాన్ని పైకి చదివి, “మాస్టారూ, మీవాళ్ల గుట్టు రట్టయింది” అన్నారు. ముప్పై ఏళ్లు డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్పిన పాపానికి, ఏ యూనివర్సిటీలో ఏం జరిగినా ఆయన లెక్కలో అది మా ఇంటి వ్యవహారమే.

సందేశం సారాంశం ఇది. వైస్ చాన్సలర్ (వీసీ) పదవికి ఏ అర్హతా లేదు, పైవాళ్ల దయ ఉంటే చాలు. ప్రొఫెసర్లకు పాఠం చెప్పడమే గాని పాలన చేతకాదు, అమెరికాలో యూనివర్సిటీలను నడిపేది కంపెనీల అధిపతులే. డాక్టర్లు ఆపరేషన్లు చేసుకోవాలి గాని ఫైళ్లు చూడకూడదు, కాబట్టి హెల్త్ యూనివర్సిటీని కూడా ఐఏఎస్ అధికారికే అప్పగించాలి. విద్యలోనూ నాయకత్వంలోనూ డాక్టరేట్ తెచ్చుకుని పేరు ముందు ‘డాక్టర్’ అని రాసుకునేవాళ్లు జ్వరానికి మాత్ర కూడా రాయలేరు, అదంతా మోసం. చివర్లో మామూలే, పదిమందికి పంపండి.

మొదటి మాట శుద్ధ అబద్ధం. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం వీసీ కావాలంటే యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా కనీసం పదేళ్లు పనిచేసి ఉండాలి. లేదంటే పేరున్న పరిశోధన సంస్థలోనో విద్యాపాలన సంస్థలోనో పదేళ్ల అనుభవం, విద్యారంగంలో నాయకత్వం వహించిన దాఖలా ఉండాలి. సెర్చ్ కమిటీ ముగ్గురి నుంచి ఐదుగురి పేర్లతో జాబితా ఇస్తుంది. అందులోంచి ఒకరిని రాష్ట్ర యూనివర్సిటీకైతే చాన్సలర్ హోదాలో గవర్నరు, కేంద్రీయ యూనివర్సిటీకైతే విజిటర్ హోదాలో రాష్ట్రపతి నియమిస్తారు. మా విజయనగరంలో రెండు రకాలూ ఉన్నాయి. జేఎన్‌టీయూ గురజాడ మొదటి రకం, కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం రెండో రకం. పక్కనే ఎచ్చెర్లలో ఉన్న అంబేడ్కర్ విశ్వవిద్యాలయం మళ్లీ గవర్నరు పరిధిలోదే.

కాగితం మీది నిబంధనలను ఎవరు లెక్కచేస్తారు అంటారా? ఉత్తరాఖండ్‌లోని అల్మోరా యూనివర్సిటీ వీసీని అడగాలి. ఆయన ప్రొఫెసర్‌గా చేసింది సుమారు ఎనిమిదిన్నర ఏళ్లు. తర్వాత రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్‌కు సభ్యుడిగా వెళ్లారు. ఆ కాలాన్ని కూడా ప్రొఫెసర్ అనుభవంలో కలుపుకోవాలన్నది ఆయన వాదన. 2022 నవంబరులో సుప్రీంకోర్టు కలపడానికి ఒప్పుకోలేదు, నియామకం రద్దయింది. అంతకు కొద్ది వారాల ముందే కేరళ సాంకేతిక విశ్వవిద్యాలయం వీసీ నియామకాన్ని కూడా కోర్టు కొట్టేసింది. అక్కడ కమిటీ జాబితాకు బదులు ఒకే ఒక్క పేరు పంపింది. ఇంకోటి చూడండి. పరిశ్రమలోనూ ప్రభుత్వ పాలనలోనూ పెద్ద హోదాల్లో పదేళ్లు చేసినవారిని కూడా అర్హులుగా చేర్చాలని 2025 జనవరిలో యూజీసీ ఒక ముసాయిదా విడుదల చేస్తే దేశమంతా వాదన లేచింది. అర్హతే లేని పదవికి అర్హతలు మార్చే ముసాయిదా ఎందుకో సందేశం రాసినవారు చెప్పాలి.

‘పైవాళ్ల దయ’ అన్న ముక్కలో మాత్రం నిజం లేకపోలేదు. 2024లో మన రాష్ట్రంలో ప్రభుత్వం మారగానే వీసీలు వరసగా రాజీనామాలు చేశారు. పదవి వెనుక రాజకీయం లేకపోతే అంత తొందర ఎందుకు? అర్హులున్న జాబితాలో తమకు నచ్చినవాడి మీద వేలు పెట్టడం ఎప్పటినుంచో ఉంది. దాన్ని తిట్టదలచుకుంటే చెప్పండి, నేనూ గొంతు కలుపుతాను. కానీ జాబితాలోకి ఎక్కడానికే ఏ అర్హతా అక్కర్లేదనడం ఇంకో మాట, అది అబద్ధం.

ఇక ప్రొఫెసర్లకు పాలన చేతకాదన్న మాట. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో పుట్టింది. మొదటి వీసీ కట్టమంచి రామలింగారెడ్డి మైసూరులో పాఠాలు చెప్పినవారు, ఆ సంస్థానం మొత్తానికి విద్యాశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్‌గానూ చేసినవారు. బళ్లు, పంతుళ్లు, జీతాలు, తనిఖీలు అన్నీ చూసి వచ్చారు. 1931లో ఆయన తర్వాత వచ్చిన సర్వేపల్లి రాధాకృష్ణన్ తత్వశాస్త్ర ఆచార్యుడు. ఇక్కడ ఐదేళ్లు, తర్వాత బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో 1939 నుంచి 1948 దాకా వీసీగా చేశారు, ఆ వెంటనే దేశం మొత్తానికి విశ్వవిద్యాలయ విద్యా కమిషన్ అధ్యక్షుడయ్యారు. పాలన రానివాడికి ఇన్నిసార్లు పగ్గాలు ఎవరిస్తారు? మా గిరిజన విశ్వవిద్యాలయానికి మొదటి వీసీగా వచ్చిన కట్టిమణి గారు హిందీ ఆచార్యుడు. అంతకుముందు అమర్‌కంటక్‌లోని గిరిజన విశ్వవిద్యాలయాన్ని నడిపి మరీ వచ్చారు.

అసలు వీసీ చేసే పని ఏమిటో సందేశం రాసినవారికి తెలిసినట్టు లేదు. ఉత్తర్వులు, సర్వీసు రికార్డులు చూసుకోవడానికి రిజిస్ట్రార్ ఉన్నారు. డబ్బుకు ఫైనాన్స్ ఆఫీసర్, పరీక్షలకు కంట్రోలర్ ఉన్నారు. వీసీ ముందుకు వచ్చేవి వేరే. దరఖాస్తు పెట్టుకున్నవాళ్లలో ఎవరిని ప్రొఫెసర్‌గా తీసుకోవాలి? ఈ సిద్ధాంత వ్యాసం సొంతమా, నాలుగు చోట్ల కోసి కుట్టినదా? ఈ కోర్సు పెట్టడానికి మన దగ్గర చెప్పేవాళ్లు ఉన్నారా? జమాఖర్చు చూడడానికి మనిషిని పెట్టుకోవచ్చు. వ్యాసం చదివి పెదవి విరిచే తెలివి మాత్రం ఇంకొకరి దగ్గర అప్పు తెచ్చుకుంటే దొరకదు. 2024 మేలో తెలంగాణలో వీసీల గడువు ముగిసినప్పుడు ఐఏఎస్ అధికారులకు అదనపు బాధ్యత ఇచ్చారు. ఫైళ్లు కదలడానికి అలాంటి ఏర్పాటు పనికొస్తుంది. ఉన్న శాఖతో పాటు యూనివర్సిటీని కూడా చూసే అధికారికి సిలబస్ మీద కూర్చునే తీరిక ఎక్కడిది?

అమెరికా సంగతి. అక్కడ ఇప్పటికీ ఎక్కువమంది అధ్యక్షులు పాఠం చెప్పుకుంటూ పైకి వచ్చినవారే. బయటివారిని తెచ్చిన చోట్లు ఉన్నాయి గాని, అందులో ఒక కథ వింటే మా మిత్రుడు కూడా టీ గ్లాసు కింద పెట్టారు. మేరీల్యాండ్‌లోని మౌంట్ సెయింట్ మేరీస్ యూనివర్సిటీకి పెట్టుబడుల వ్యాపారం నుంచి సైమన్ న్యూమన్ అనే ఆయన అధ్యక్షుడిగా వచ్చారు. మొదటి ఏడాది చేరినవాళ్లలో ఎంతమంది రెండో ఏడాదికి నిలిచారన్న లెక్క అక్కడ ర్యాంకులకు ముఖ్యం. ఆ లెక్క బాగా కనబడడానికి ఆయనకు తోచిన ఉపాయం, చదువులో తడబడేలా ఉన్న పాతిక మందిని లెక్క తీసే తేదీకి ముందే సాగనంపడం. కొందరు అధ్యాపకులు వెనకాడితే, విద్యార్థులను ముద్దొచ్చే కుందేలు పిల్లల్లా చూడకండి, వాటిని ముంచేయాలి అన్నట్టు విద్యార్థి పత్రిక బయటపెట్టింది. ఆ పత్రికకు సలహాదారుగా ఉన్న అధ్యాపకుడి ఉద్యోగం ఊడింది. గొడవ పెరిగి 2016 ఫిబ్రవరి ఆఖరున న్యూమన్ గారే దిగిపోయారు. కంపెనీలో నష్టం వచ్చే సరుకును వదిలించుకుంటే తెలివి అంటారు. కాలేజీలో వెనకబడ్డ పిల్లవాడు నష్టపు సరుకు కాదు, వాడి కోసమే మనం జీతం తీసుకుంటాం.

అన్నిచోట్లా ఇలాగే జరుగుతుందని నేను అనను. అమండా గుడాల్ అనే పరిశోధకురాలు ప్రపంచంలోని వంద మేటి యూనివర్సిటీల అధిపతులను లెక్కతీస్తే, ర్యాంకు పైకి వెళ్లేకొద్దీ అధిపతి పరిశోధన కూడా గట్టిదై ఉందని తేలింది. మంచి యూనివర్సిటీ మంచి పండితుడిని తెచ్చుకుందా, పండితుడు వచ్చి యూనివర్సిటీని బాగుచేశాడా అన్నది ఆ లెక్క ఒక్కటీ తేల్చదు. అయినా సందేశం చెప్పినదానికి అది పూర్తిగా ఎదురు.

ఇక్కడ మా మిత్రుడు ఒక చురక వేశారు. “మరి ఆదిభట్ల నారాయణదాసుకు సంగీతంలో ఏ డిగ్రీ ఉందని మహారాజు ప్రిన్సిపాల్‌ను చేశాడు?” మంచి ప్రశ్న. 1919లో ఇక్కడ సంగీత కళాశాల పెట్టినప్పుడు దాసుగారే మొదటి అధిపతి. ద్వారం వెంకటస్వామి నాయుడు విద్యార్థిగా చేరడానికి వస్తే, ఆయన వాయులీనం విని ఏకంగా ఆచార్యుడిగా తీసుకున్నారని ఈ ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు. కానీ ఇది ఎవరి వాదనకు బలం? ఆ కుర్చీలో దివానునో తహసీల్దారునో కూర్చోబెట్టలేదు, పాడేవాడి తర్వాత వాయించేవాడిని కూర్చోబెట్టారు.

డాక్టర్లు ఫైళ్లు చూడకూడదు అన్నది మూడోది. మద్రాసు విశ్వవిద్యాలయానికి 1942 నుంచి 1969 దాకా, 27 ఏళ్లు వీసీగా ఉన్న ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియార్ ప్రసూతి వైద్యుడు. అంతకుముందు మద్రాసు వైద్య కళాశాలకు ప్రిన్సిపాల్. 1952లో దేశంలోని హైస్కూలు చదువు ఎలా ఉండాలో చెప్పమని వేసిన కమిషన్‌కు అధ్యక్షుడు ఆయనే. దశాబ్దం తిరగకముందే ఆరోగ్య వ్యవస్థను పరిశీలించిన కమిటీకీ ఆయనే అధ్యక్షుడు, 1961లో ప్రపంచ ఆరోగ్య సభకు కూడా. కత్తెర పట్టిన చేత్తోనే ఇవన్నీ చేశారు. కలకత్తా విశ్వవిద్యాలయానికి 1942 నుంచి 1944 దాకా వీసీగా చేసిన బిధాన్ చంద్ర రాయ్ కూడా వైద్యుడే, తర్వాత పధ్నాలుగేళ్లు బెంగాల్ ముఖ్యమంత్రి.

హెల్త్ యూనివర్సిటీ విషయానికి వద్దాం. విజయవాడలో అది 1986లో మొదలైంది. అంతకుముందు విశాఖలోని ఆంధ్ర వైద్య కళాశాల లాంటివి మామూలు యూనివర్సిటీల కిందే ఉండేవి. ఇప్పుడు శ్రీకాకుళం ప్రభుత్వ వైద్య కళాశాలకూ, 2023లో తెరిచిన మా విజయనగరం కళాశాలకూ పరీక్షలు, పట్టాలు అక్కడినుంచే. తనిఖీకి వెళ్లిన రోజున మాత్రమే నిండిపోయే వార్డు ఒకటి ఉందనుకోండి. మంచాలు ఎన్ని అని లెక్కపెట్టడం ఎవరికైనా వస్తుంది. కేసు షీటు తిప్పి, మంచం మీద పడుకున్న మనిషి కళ్లలోకి చూసి, ఇతనికి ఏ జబ్బూ లేదని పసిగట్టడానికి వైద్యుడే కావాలి. ఇందాక చెప్పిన గుడాల్ గారే 2011లో అమెరికాలోని పేరున్న ఆస్పత్రులను చూసినప్పుడు, వైద్యులు అధిపతులుగా ఉన్నచోట నాణ్యత మార్కులు సుమారు 25 శాతం ఎక్కువగా కనిపించాయి.

అలాగని తెల్లకోటు ఒక్కటీ చాలదు. ఉద్దానం కిడ్నీ జబ్బు సంగతి శ్రీకాకుళం వాళ్లకు నేను చెప్పాలా? పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, పరిశోధన కేంద్రం తెరిచారు. జబ్బుకు మూలం నీళ్లా, నేలా, ఎండలో పనా, మందులా అన్నది మాత్రం తేలలేదు. ఆ పరిశోధనకు నాయకుడు కిడ్నీ వైద్యుడైనా సరే, భూగర్భ జలాలు తెలిసినవాడిని, జీడితోటలో పనిచేసే కూలీని ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి వినగలగాలి. అది ఎంబీబీఎస్‌లో నేర్పరు. దానికి వేరే చదువు ఉంది, వేరే సాధన ఉంది. విద్యాసంస్థల నిర్వహణ ఒక శాస్త్రంగా చెప్పే జాతీయ సంస్థ ఢిల్లీలో దశాబ్దాలుగా నడుస్తోంది. నాయకత్వంలో డాక్టరేట్ అనగానే నవ్వేవాళ్లకు ఇంతకంటే ఎక్కువ జవాబు దండగ.

చివరిది ‘డాక్టర్’ మాట. లాటిన్‌లో దాని మూలానికి బోధించడమని అర్థం. యూరప్‌లో పాఠం చెప్పడానికి యోగ్యత పొందినవాడు డాక్టర్, వైద్యులకు ఆ పేరు స్థిరపడింది తర్వాత. మన ఊళ్లలో చూడండి, నాలుగు ఇంజెక్షన్లు నేర్చుకున్న ఆర్‌ఎంపీ మనకు ‘డాక్టరుగారు’. ఆరేళ్లు కూర్చుని పీహెచ్‌డీ చేసినవాడు అదే మాట రాసుకుంటే మోసగాడు!

“సరే మాస్టారూ, నికార్సయినవాడెవడో, కాగితాల మనిషెవడో ఎలా తెలుస్తుంది?” అన్నారు మిత్రుడు. తేదీలు కూడమన్నాను. ఒకసారి ఒక ప్రైవేటు కాలేజీ ప్రిన్సిపాల్ పోస్టుకు దరఖాస్తులు చూసే కమిటీలో నన్ను కూర్చోబెట్టారు. ఒకాయన బయోడేటా ఎనభై పేజీలు, పైన నిగనిగలాడే అట్ట, లోపల పదిహేడేళ్ల అనుభవం. పెన్సిలు తీసుకుని పక్కన సంవత్సరాలు వేసుకుంటూ పోతే నాలుగేళ్లు రెండుసార్లు వచ్చాయి. అవే నెలల్లో ఆయన శ్రీకాకుళంలో ఒక కాలేజీలోనూ, విజయనగరంలో ఇంకో కాలేజీలోనూ పూర్తికాలం పనిచేశారు. అడిగితే పొద్దున అక్కడ, మధ్యాహ్నం ఇక్కడ అన్నారు, ఎక్కిన రైలు పేరుతో సహా.

మిత్రుడు కాసేపు ఆలోచించి, “మా దగ్గర ఒకే సెంటు స్థలాన్ని ఇద్దరికి రిజిస్టరు చేసేవాళ్లు, అలా ఉంది” అన్నారు.